అత్తగారి కన్ను

సాయంత్రం నాలుగూ అయిదు. చేపల కోల్డ్ స్టోరేజ్‌లో లోడర్ ఒకడు బ్లాస్ట్ రూమ్ తలుపు లాగాడు.

లోపల మైనస్ ముప్పై. నాలుగు పెద్ద ఫ్యాన్లు హోరుమంటున్నాయి. తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. మోకాళ్ళు గుండెకు ముడుచుకుని ఉన్నాయి. కనురెప్పల మీద మంచు పేరుకుంది.

లోడర్ పెట్టిన కేక లైనంతా వినిపించింది.

చనిపోయినామె ప్యాకింగ్ లైన్‌లో పనిచేస్తుంది. అయిదో నెల గర్భిణి. అక్క అదే లైన్‌లో పక్క సీటు. భర్త అదే కంపెనీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.

నాలుగూ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. వెనకే కానిస్టేబుల్. స్టేషన్‌లో అందరూ అతన్ని పొడుగాయన అంటారు. గుమ్మం దగ్గర తల వంచడం మరిచిపోయి నుదురు కొట్టుకున్నాడు.

శవం పక్కన కూర్చుని చూస్తున్న డాక్టర్ లేచి నిలబడ్డాడు.

"చలికే పోయింది. ఒంటిమీద దెబ్బల్లేవు. ఎప్పుడు పోయిందంటే మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఇంత చలిలో మా లెక్కలు కుదరవు. పొద్దున ఫోన్ చేస్తాను."

"మా సిస్టమ్ ఇప్పుడే చెబుతుంది మేడమ్," అన్నాడు మేనేజర్. చేతిలో టాబ్లెట్ సిద్ధంగా ఉంది.

ఆ సిస్టమ్ సంగతి ముందే చెప్పుకోవాలి. అక్కడ ప్రతి మనిషి ఛాతీ మీదా ఒక ట్యాగు ఉంటుంది. బోర్డు మీద మనిషికో చుక్క. ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో, ఎంతసేపు ఉంటారో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. అలవాటు తప్పితే పచ్చచుక్క ఎర్రబడుతుంది. మూడు ఎరుపులు పడితే ఉద్యోగం ఊడుతుంది. కంపెనీ దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టుకుంది. లైన్‌లో ఆడవాళ్ళు మాత్రం అత్తగారు అంటారు. తుమ్మినా కనిపెడుతుంది, దగ్గినా కనిపెడుతుంది, మంచి మాట మాత్రం ఒక్కటీ అనదు.

మేనేజర్ తెర మీద వేలు పెట్టాడు.

"మూడూ ముప్పై ఒకటికి ఆమె ట్యాగు బ్లాస్ట్ రూమ్‌లోకి వెళ్ళింది. మూడూ ముప్పై నాలుగుకి వాళ్ళాయన ఫోర్క్‌లిఫ్ట్ ఈ వరండాలోనే ఆగింది. పదకొండు నిమిషాలు. ఆ వేళకు అతను ఎప్పుడూ ఇక్కడ ఆగడు. పొద్దున క్యాంటీన్‌లో ఇద్దరికీ పెద్ద గొడవ. అందరూ విన్నారు."

"కెమెరాలు?"

"ట్యాగులుండగా కెమెరాలెందుకని తీసేశాం."

"లోపల్నించి తలుపు తెరుచుకోదా?"

"హ్యాండిల్ విరిగింది. తొమ్మిది రోజులైంది. రిపేరుకి చెప్పాం. లోడర్లు తలుపుకి పెట్టె అడ్డం పెట్టి వెళ్తారు."

ఇన్‌స్పెక్టర్ వంగింది. మృతదేహం కోటు మీది ట్యాగు క్లిప్పు తీసింది. కోటంతా తెల్లగా మంచు. ట్యాగు ఉన్నచోట గుడ్డ మీద కూడా అంతే మందాన మంచు. ఆమె ఆ చోటునే కాసేపు చూసింది. తరవాత ట్యాగును కవర్లో వేసింది.

శవం తలకు కాస్త పైన, గోడ మీద ఒక ఎర్రబటన్ ఉంది. గోడంతా మంచుగడ్డ. బటన్ చుట్టూ మాత్రం అరచేయంత మేర మంచు లేదు. అంచున చిన్న రక్తపు మరక.

"ఇదేమిటి?"

"ఎమర్జెన్సీ గంట. నొక్కితే లైనంతా మోగుతుంది," అన్నాడు మేనేజర్.

"ఈరోజు మోగిందా?"

"లేదు మేడమ్. ఎవర్నైనా అడగండి."

అడిగింది. ఎవరూ వినలేదు.

అయిదున్నరకు మేనేజర్ గదిలో భర్తను కూర్చోబెట్టారు. కళ్ళు వాచి ఉన్నాయి. గ్లవ్స్ తీసే ధ్యాస కూడా లేదు.

"గొడవ ఎందుకు?"

"పని మానెయ్యమన్నాను మేడమ్. వాంతులకని ఊరికే లేచి వెళ్తే రెండు ఎరుపులు పడ్డాయి. మూడోది పడేలోపు నువ్వే మానెయ్యవే అన్నాను. మానేస్తే ఇల్లెలా గడుస్తుందంది. మాటా మాటా పెరిగింది."

"ఫోర్క్‌లిఫ్ట్ ఎందుకు ఆపావు?"

"వెతకడానికి."

"ఎవర్ని?"

"మా ఆవిణ్ణే. తప్పయింది అని చెబుదామని. మధ్యాహ్నం నించి బోర్డు మీద చుక్క కదులుతోంది. నీళ్ళ దగ్గరికి వెళ్తోంది, లైన్‌కి వస్తోంది. నేను వెళ్ళి చూస్తే మనిషి లేదు. వదిన ఒక్కతే ఉంది. అడిగితే, ఇప్పుడే అటు వెళ్ళిందంది. రెండుసార్లూ అదే మాట. మనసుకేదో అనిపించి ఈ వరండా అంతా తిరిగాను."

మేనేజర్ పెదవి విరిచాడు. "చుక్క ఉంటే మనిషి ఉన్నట్టే మేడమ్. వీడు కథ అల్లుతున్నాడు."

భర్త అతనివైపు చూడనేలేదు. "మా పాప పక్కింట్లో ఉంది మేడమ్. నాలుగేళ్ళు. రాత్రికి ఎవరో ఒకరు వెళ్ళకపోతే భయపడుతుంది," అన్నాడు.

పొడుగాయన బేడీలు వేశాడు. మర్నాడు పన్నెండింటికి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అక్కడ హత్య అని చదివితే ఇప్పట్లో బయటికి రాడు. పాపకు తల్లి పోయింది. రేపటితో తండ్రి కూడా పోయినట్టే.

తరవాత అక్కను పిలిచారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నోట్లో నాలుక లేని మనిషి. ఒళ్ళో వేళ్ళు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి, లేని అట్టపెట్టెను మడుస్తున్నట్టు.

"మీ మరిది ఎలాంటివాడు?"

"మంచివాడే."

"మరి చంపాడంటున్నారే."

వేళ్ళు ఇంకో పెట్టె మడిచాయి.

"చెల్లెల్ని ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

వేళ్ళు ఆగిపోయాయి. "మూడున్నరకి. అప్పటిదాకా నా పక్కనే ఉంది."

"ఆ మాట రాసి సంతకం పెడతావా?"

"పాపను నేను తీసుకెళ్ళొచ్చా మేడమ్?" అంది. అడిగినదానికి అది జవాబు కాదు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళమంది.

"మొగుడే మేడమ్," అన్నాడు పొడుగాయన. "మిషనూ అదే చెబుతోంది, మేనేజరూ అదే చెబుతున్నాడు."

"మిషన్ నోట మేనేజర్ మాట్లాడుతున్నాడు. అది ఒక సాక్ష్యమే, రెండు కాదు."

ఆమె టాబ్లెట్ అడిగి తీసుకుంది. నాలుగూ అయిదు దగ్గర తెరను ఆపింది. లోడర్ కేక విన్న క్షణం. లైన్‌లో ప్రతివాళ్ళూ లేచి పరుగెత్తారు. ఇరవై ఏడు చుక్కలూ ఎర్రబడ్డాయి. ఒక్క చుక్క మాత్రం పచ్చగా సీట్లోనే ఉంది.

"ఎవరిది?"

"మృతురాలి అక్కది," అన్నాడు మేనేజర్. "మా బెస్ట్ వర్కర్. ఇంతవరకూ ఒక్క ఎరుపు లేదు. అంత క్రమశిక్షణ."

ఇన్‌స్పెక్టర్ అతని మొహంలోకి చూసింది. నిజంగానే మెచ్చుకుంటున్నాడు. ఇలాంటివాళ్ళకు కళ్ళు నెత్తికెక్కవు, నేరుగా తెరలోకే ఎక్కుతాయి.

"మీ ఫోన్ ఇవ్వండి," అంది.

"ఎందుకు మేడమ్?"

"ఇవ్వండి."

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. క్యాంటీన్ ఖాళీ చేయించారు. పొడవాటి బల్లకు ఒకవైపు అక్క, ఇంకోవైపు మేనేజర్. బేడీలతో భర్త గోడ పక్కన నిలబడ్డాడు. టాబ్లెట్ బల్ల మధ్యలో ఉంది.

"డాక్టర్ ఫోన్ చేశాడు," అంది ఇన్‌స్పెక్టర్. "అరగంటలో మనిషి అంత లోతుకు గడ్డకట్టదట. ఆమె పోయింది మూడున్నర తరవాత కాదు. అంతకు చాలా ముందే."

"అదెలా? ట్యాగు మూడూ ముప్పై ఒకటిదాకా తిరుగుతూనే ఉంది," అన్నాడు మేనేజర్.

"ట్యాగు తిరిగింది. మనిషి తిరగలేదు. మొదట్నించీ ట్యాగు కోటుకే ఉంటే, దాని కింద గుడ్డ మీద మంచు పట్టకూడదు. పట్టింది. అంటే కోటు గడ్డకట్టాక ఎవరో తెచ్చి తగిలించారు. మధ్యాహ్నం ఒంటిగంటా పావు నించి మూడున్నర దాకా ఆ చుక్క ఇంకో చుక్కను వదల్లేదు. నీళ్ళకూ దానితోనే, బాత్‌రూమ్‌కూ దానితోనే. ఇతను రెండుసార్లు వెతికితే రెండుసార్లూ చుక్క దగ్గర ఒక్క మనిషే కనిపించింది. పైగా లోపల ఎవరో చచ్చిపోయారని కేక వినపడితే ఎవరైనా లేచి పరుగెడతారు. పరుగెత్తనిది ఎవరు? ముందే తెలిసిన మనిషి."

ఎవరూ అక్కవైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

"దాన్ని చుక్క మోయడం అంటాం మేడమ్," అంది అక్క. "లైన్‌లో అందరం మోస్తాం. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ ట్యాగు ఇంకొకరం జేబులో వేసుకుని తిరుగుతాం. లేకపోతే అత్తగారు ఎరుపు వేస్తుంది. అన్నం తిన్నాక చెల్లికి కళ్ళు తిరిగాయి. గోనెసంచుల గదిలో కాసేపు పడుకుంటానంది. మూడున్నరకి టీ వేళకు లేపక్కా అంది. అప్పటికే రెండు పడ్డాయి మేడమ్ దానికి. నేనే ట్యాగు విప్పి తీసుకున్నాను."

"మూడున్నరకి వెళ్ళావు."

"నా ట్యాగు సీట్లోనే పెట్టి వెళ్ళాను, ఎరుపు పడకుండా. గదిలో లేదు. పక్కన బ్లాస్ట్ రూమ్ తెరిచాను. ముట్టుకుంటే కట్టెలా ఉంది. దాని ట్యాగు నా జేబులో ఉంది. నేనే చంపానంటారని భయమేసింది. తగిలించి వచ్చేశాను. వచ్చి కూర్చుని పెట్టెలు కట్టాను. ఎలా కట్టానో నాకే తెలీదు. చేతులే కట్టాయి."

భర్త గోడకు ఆనుకున్నాడు. "నేనడిగినప్పుడు, ఇప్పుడే వెళ్ళిందన్నావు కదా వదినా," అన్నాడు.

"నిద్రపోతోందనుకున్నాను. నీకు చెబితే మళ్ళీ మానెయ్యమంటావని చెప్పద్దంది."

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారా మేడమ్. రూల్ తప్పితే ఇలాగే అవుతుంది."

"మీరు ఒంటిగంటా ఇరవైకి గోనెసంచుల గదివైపు వెళ్ళారు. మీ ట్యాగే చెబుతోంది," అంది ఇన్‌స్పెక్టర్.

"రౌండ్స్. రోజూ వెళ్తాను."

"ఆమె ఒంటిమీద ట్యాగు లేదు. మీరు చూస్తే పని పోతుంది. మీ అడుగులు విని పక్క గదిలోకి దూరి ఉంటుంది. రెండు నిమిషాలు దాక్కుందామని. తలుపు మూసుకుంది. తొమ్మిది రోజులుగా మీరు బాగుచేయించని తలుపు."

"గంట నొక్కొచ్చుగా."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి అతని ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నొక్కింది. మంచు గోళ్ళతో గీకి మరీ నొక్కింది. మంచు పట్టినప్పుడల్లా ఆ గంట ఉత్తపుణ్యానికే మోగుతోందని, లైన్ ఆగుతోందని పోయిన నెల మీరొక సెట్టింగ్ పెట్టించారు. గదిలో ట్యాగు లేకపోతే గంట మోగదు. మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. గది ఖాళీ, తప్పుడు అలారం, సరేనా అని. ఒంటిగంటా ఇరవై ఆరుకి మొదటిది వచ్చింది. మీరు సరే నొక్కారు. ప్రతిదానికీ సరే నొక్కారు. శవం దొరికాక అన్నీ తుడిచేశారు. మా వాళ్ళు రాత్రి బయటికి తీశారు. తుడిచిన వేళ నాలుగూ పదిహేడు. నేను రావడానికి ఇరవై మూడు నిమిషాల ముందు. ఆ తరవాతే మీకు ఇతని ఫోర్క్‌లిఫ్ట్ గుర్తొచ్చింది."

మేనేజర్ ఫోన్ అందుకోబోయాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని తనవైపు లాక్కుంది.

"ఆమె కోసం వెతికింది ఈ మొత్తం కంపెనీలో ఇతనొక్కడే. ఆ వెతుకులాటకే మీ మిషన్ ఎరుపు వేసింది. మీరు దానికి హత్య అని పేరు పెట్టారు," అంది ఇన్‌స్పెక్టర్. ఆ ఒక్క వాక్యంలో గొంతు పెరిగింది. పొడుగాయన ఉలిక్కిపడ్డాడు. అతనికి ఆ గొంతు కొత్త.

బేడీలు ఒకరి చేతులనించి ఇంకొకరి చేతులకు మారాయి. మేనేజర్‌ని పొడుగాయన బయటికి నడిపించాడు. ఈసారి తల వంచడం మరిచిపోలేదు.

అక్క కదల్లేదు.

"గంట కొట్టిందా మేడమ్?" అంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ చేతిలోకి తీసుకుంది.

"దాని ట్యాగు దాని దగ్గరే ఉంటే మోగేదా?"

అబద్ధం చెప్పొచ్చు. పోయినమనిషి తిరిగి రాదు, ఉన్నమనిషి బతకాలి. కానీ రేపు కోర్టులో ఇదే మాట నలుగురిలో వింటుంది.

"మోగేది," అంది ఇన్‌స్పెక్టర్. "మీ స్టేట్‌మెంట్ కావాలి. సాయంత్రం స్టేషన్‌కి రండి." టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

అక్క ఏడవలేదు. వేళ్ళు మళ్ళీ పెట్టె మడవడం మొదలుపెట్టాయి.

భర్త గుమ్మందాకా నడిచాడు. ఆగాడు. తరవాత వెనక్కి వచ్చి వదిన ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్ను ఏమనాలో నాకు తెలీదు వదినా. ఈ జన్మకి తెలుస్తుందనీ అనుకోను," అన్నాడు. "పొద్దున పక్కింటావిడ స్టేషన్‌కి ఫోన్ చేసింది. నువ్విటు వచ్చేసినప్పటి నించి పాప పెద్దమ్మేదని ఏడుస్తోందట."

వంగి ఆమె కోటు మీది ట్యాగు క్లిప్పు విప్పాడు. బల్ల మీద పెట్టాడు.

"లే," అన్నాడు.

ఆమె లేచింది. ఇద్దరూ మాట్లాడుకోకుండా గేటువైపు నడిచారు. ఒకరికొకరు నాలుగడుగుల దూరంలో.

క్యాంటీన్‌లో టాబ్లెట్ మోగింది. తెర మీద ఒక పచ్చచుక్క మొదటిసారి ఎర్రబడింది. అలవాటు తప్పింది, సరేనా అని అడిగింది. నొక్కడానికి అక్కడ ఎవరూ లేరు.