శాంతగారి ఆరో గిన్నె

రెజైనా నగరంలో వర్షిణికి అదే ఆఖరి సాయంత్రం. దూరాన బర్నబీ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, తెల్లవారితే ఫ్లైట్. సూట్‌కేసులు సర్దేసింది. తేలనివి రెండే మిగిలాయి: అమ్మ స్టీలు గిన్నెలు ఆరు, కింద బేస్‌మెంటులో ఉండే ప్రజ్వల్ మనసు.

ప్రతి శనివారం మెట్లెక్కి వచ్చి, తోడుకు కాస్త పెరుగు అడిగేవాడు. పావుగంట నిలబడి చలి గురించి మాట్లాడేవాడు. మైనస్ ముప్ఫైలో చలి గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుంది? అసలు సంగతి మింగేసి, గిన్నె పట్టుకుని దిగిపోయేవాడు. ఒక్క గిన్నె తిరిగొస్తే ఒట్టు. ప్రతి గిన్నె అంచునా ‘శాంత’ అని అమ్మ పేరు చెక్కించి ఉంది. వచ్చే నెల బర్నబీకి వస్తానంటున్న అమ్మ, వీడియో కాల్‌లో కూతురి కంటే ముందు వాటి క్షేమమే అడుగుతుంది.

ఈ పూటైనా నోరు విప్పితే బాగుండు, అనుకుంటూ వర్షిణి కిందికెళ్లి తలుపు కొట్టింది.

“నా గిన్నెలివ్వు.”

ప్రజ్వల్ తెల్లబోయాడు. “రెండు నిమిషాలాగు. ఉత్తయి ఎట్లిస్త?”

ఆరు గిన్నెలూ బల్లమీద వరసగా పెట్టి, సీసా మూత తీశాడు. నురగ పొంగి అతని చొక్కా తడిపేసింది. మిగిలింది గిన్నెల్లో పోశాడు.

“ఏంటిది?”

“సోర్ వీట్ బీర్. నేనే చేసిన. మొలకెత్తిన గోధుమల మాల్ట్ ఉడకబెట్టి, నీ పెరుగూ ఈస్టూ ఏసి పులియబెట్టిన.”

“మా అమ్మ గిన్నెల్లో బీరా? తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదు!”

“మరేం చేయాలె? ఒకరి గిన్నె ఖాళీగా వాపస్ ఇయ్యొద్దంటది మా అమ్మ. నాకు వంట రాదు. ఇదొక్కటే వస్తది.”

వర్షిణి కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. పులుపుకు దవడలు పట్టేశాయి. రెండో గుక్క పర్వాలేదు. మూడోది నిజంగా బాగుంది. ఆ సంగతి మాత్రం బయటపెట్టలేదు.

“ఎట్లుంది?”

“మజ్జిగకు కోపం వచ్చినట్టుంది. అది సరే, బీరుకు ఒక గిన్నె పెరుగు చాలుగా. మిగతా అయిదూ?”

“వికాస్ తిన్నడు.” వికాస్ అతని రూమ్మేట్. “నేను పెరుగు తినను.”

“తినవా? మరి ప్రతివారం ఎందుకొచ్చేవాడివి?”

ప్రజ్వల్ చెవులు ఎర్రబడ్డాయి. “నిన్ను చూద్దామని. చెప్దామనే వస్త, చలి గురించి చెప్పి పోత. నువ్వంటే చాలా ఇష్టం, వర్షిణీ. సారీ, లేటైంది.”

వర్షిణికి గంతులేయాలనిపించింది. గంతులేయలేదు, ఇంకో గిన్నె అందుకుంది. ఇద్దరూ ఆరు గిన్నెలూ ఖాళీ చేశారు. అయిదు కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంది. ఆరోది అతని చేతికిచ్చింది.

“ఇది నీ దగ్గరుంచు. వచ్చే నెల బర్నబీకి తెచ్చివ్వు.”

అతని మొహం వెలిగిపోయింది. “తప్పకుండా! నిండుగ తెస్త.”

“బీరు మాత్రం పోయకు,” అంది వర్షిణి మెట్లెక్కుతూ. “తలుపు తీసేది మా అమ్మ.”