‘తిన్నవా’ ప్లగిన్ కేసు

“బుధవారం నాడు పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఏస్తరా ఎవరన్నా?”

సత్తెమ్మ గిన్నె మీద మూత ఠంగుమనిపించింది.

“మరిచిపోయిన అత్తమ్మా,” అంది యశోద, యూనిఫాం బెల్టు బిగించుకుంటూ.

“ఊర్లోళ్ల దొంగతనాలన్నీ యాదికుంటయ్. మొగని ఒక్కపొద్దు యాదికుండది.”

“ఊకో అమ్మా,” అన్నాడు సంపత్ నవ్వుతూ. “నేను తినేది పొద్దుమీకినంక గదా. గప్పటికి ఇంకోటి చేసుకుందాం.”

లోకమంతా సోమవారమో శనివారమో ఉపవాసం ఉంటే సంపత్‌ది మాత్రం బుధవారం. నాలుగేళ్ల కిందట దామరచర్ల దగ్గర లారీ కిందికి పోబోయి బతికి బయటపడింది బుధవారమే. ఆ మొక్కు సత్తెమ్మది, పాటింపు కొడుకుది. పగలంతా ఏమీ ముట్టడు. సాయంత్రం ఏడింటికి దీపం పెట్టాక ఒక్క పూట తింటాడు.

ఆయన కోదాడలో ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. ఆమె సూర్యాపేటలో సైబర్ కేసులు చూసే ఎస్సై.

ఉదయం 10.25. స్టేషన్‌లో ఒక అమ్మాయి ఎదురుచూస్తోంది. పేరు భాగ్య. కోదాడ. ఇరవై రెండేళ్లు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నేను రాసిన ప్లగిన్ ఎవరో ఎత్తుకెళ్లారు మేడం. ఇప్పుడు నన్నే దొంగ అంటున్నారు.”

“ప్లగిన్ అంటే?”

“చాట్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం. దీని పేరు ‘తిన్నవా’. మా అమ్మ రోజుకు మూడుసార్లు మెసేజ్ పెడుతుంది, తిన్నవా అని. పనిలో ఉంటే జవాబివ్వం. ఇవ్వకపోతే ఫోన్. ఎత్తకపోతే ఏడుపు. ఈ ప్లగిన్ మన బదులు చెప్తుంది, ‘తిన్నా అమ్మా, పప్పు, చారు’ అని. రెండు రోజులు వరసగా ఒకే కూర చెప్పదు. చెప్తే అమ్మకు అనుమానం వస్తది.”

రైటర్ దస్రు కిసుక్కున నవ్వాడు. యశోద కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

భాగ్య నోట్‌బుక్ తీసింది. నిండా ఇలాంటివే. ఎవరైనా ‘అయిదు నిమిషాల్ల వస్త’ అని కొడితే పక్కన ‘నలభై’ అని చూపే ప్లగిన్. ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూల బొమ్మలన్నిటికీ కలిపి ఒకేసారి దండం పెట్టే ప్లగిన్.

హైదరాబాద్ కంపెనీ ఒకటి పోటీ పెట్టింది. గెలిచినవాళ్లకు ఉద్యోగం. భాగ్య 16న పంపింది. అప్పటికే 14న, ఉదయం 11.20కి, అదే ప్లగిన్ ‘నల్లపిల్లి’ అనే మారుపేరుతో చేరింది. కాపీ కొట్టావంటూ భాగ్యను తీసేశారు. వచ్చే వారం శుక్రవారం నల్లపిల్లికి ఇంటర్వ్యూ.

“నీ ప్లగిన్ ఎవరెవరి దగ్గరుంది?”

“టెస్టింగ్‌కి ముగ్గురికిచ్చా. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో చేసే నా ఫ్రెండ్ అలివేలు. నేను పనిచేసే కంప్యూటర్ షాపు ఫకీరా అన్న. ఇంకా...” ఆగింది. “మా కాలేజీ కంప్యూటర్ సార్, సంపత్ సార్.”

యశోద మూడు పేర్లూ రాసింది. మూడోది చూసి, ఒక గీత గీసి కొట్టేసింది.

“సార్‌కు చెప్పినవా?”

“చెప్పా. పోలీసులెందుకమ్మా, ఇంకోటి రాసుకో అన్నారు. నేనే ఆగలేక వచ్చా.”

గురువారం కంపెనీ నుంచి నల్లపిల్లి కాపీ వచ్చింది. అది పంపిన ఇంటర్నెట్ లైను ఫకీరా షాపుది.

శుక్రవారం మధ్యాహ్నం 12.15. కోదాడ.

“14న పదకొండింటికి ఎక్కడున్నవ్?”

“గీడనే, షాపుల.”

“మరి నీ లైన్ల నుంచే పోయింది గదా?”

ఫకీరా గోడ వైపు చెయ్యి చూపాడు. వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అంటించి ఉంది. “సగం కోదాడ నా వైఫై మీదనే బతుకుతది మేడం. అయినా భాగ్య నాకు చెల్లె లెక్క. దాని నోటికాడి బువ్వ గుంజుకుంటనా?”

3.40. మిర్యాలగూడ. అలివేలు ఒంటికాలి మీద లేచింది. “నాకు కోడింగే రాదు మేడం! ఆ ప్లగిన్ల శనివారం ఒక్కపొద్దని పెట్టుకున్న. గంతే నాకు తెలిసింది.”

ఆ సాయంత్రం సంపత్ టీ తాగుతూ అడిగాడు. “ఏమన్న దొరికిందా?”

“ఇంకా లేదు.”

“ఫకీరాను గట్టిగ అడగరాదు? షాపు నష్టంల ఉందని విన్న.”

యశోద డైరీలో ఫకీరా పేరు కింద రెండు గీతలు గీసింది.

నాలుగు రోజులు గడిచాయి. ఆఫీసు కంప్యూటర్‌లో నల్లపిల్లి కాపీ పెట్టి, రోజూ భోజనాల వేళకు దస్రు చేత ‘తిన్నవా?’ అని కొట్టించింది. పప్పు అంది. దొండకాయ అంది. గోంగూర అంది. శనివారం కూడా తిన్నాననే చెప్పింది. అంటే అలివేలు కాపీ కాదు. ఇక ఫకీరాను పిలిపించడమే మిగిలిందని నోటీసు టైప్ చేయించింది.

బుధవారం మధ్యాహ్నం 1.10.

దస్రు పగలబడి నవ్వాడు. “మేడం, ఇయ్యాల కొత్త జవాబొచ్చింది!”

స్క్రీన్ మీద: ‘ఇయ్యాల ఒక్కపొద్దు అమ్మా. ఏడింటికి దీపం పెట్టినంక తింట.’

“బుధవారం ఎవడుంటడు మేడం ఒక్కపొద్దు?”

యశోద చేతిలో నోటీసు అలాగే ఉండిపోయింది.

భాగ్యకు ఫోన్ చేసింది. “నీ ప్లగిన్ల ఉపవాసం రోజు నువ్వు పెట్టినవా?”

“లేదు మేడం. అది ఖాళీగా ఉంటుంది. ఎవరి రోజు వాళ్లే నింపుకోవాలి. సెట్టింగ్స్ ఫైల్‌లో పడుతుంది.”

ఫైలు తెరిచింది. రోజు: బుధవారం. వేళ: సాయంత్రం ఏడు. తన కాపీలో నింపుకున్న ఆ ఫైలును తీసేయకుండానే దొంగ మొత్తం ఫోల్డర్ పంపేశాడు. బుధవారం ఈ జవాబు చూసినా అతనికి తప్పుగా తోచి ఉండదు. అతని ఇంట్లో అది నిజమే.

డైరీ తీసింది. వారం కిందట కొట్టేసిన మూడో పేరు గీత కింద స్పష్టంగానే కనిపిస్తోంది.

సాయంత్రం 7.10. దీపం వెలిగింది. ముగ్గురూ కింద కూర్చున్నారు. సత్తెమ్మ వడ్డిస్తోంది.

“14న పొద్దున పదకొండింటికి మీరెక్కడున్నరు?” అంది యశోద.

సంపత్ నవ్వబోయాడు. “ఇదేంది, ఇంటరాగేషనా?”

“ఎక్కడున్నరు?”

“కాలేజీల.”

“రెండో శనివారం. సెలవు.”

అన్నంలో పెట్టిన చెయ్యి ఆగిపోయింది.

“నల్లపిల్లి బుధవారం ఒక్కపొద్దు ఉంటది,” అంది ఆమె. “ఏడింటికి దీపం పెట్టి తింటదట. ఈ జిల్లాల నాకు తెలిసినోళ్లల్ల గట్ల ఉండేది ఒక్కరే.”

సత్తెమ్మ గరిట పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఏమంటుంది రా ఇది?”

సంపత్ తలెత్తకుండానే మాట్లాడాడు. “పదకొండేండ్ల సంది కాంట్రాక్ట్ లెక్చరర్‌నే. నేను సదువు చెప్పినోళ్లంత ఎక్కడికో పోయిన్రు. ఒక్కసారి... ఒక్కసారి నా పేరు మీద ఏదన్న గెలవాలనిపించింది.”

“మీ పేరు మీద కాదు గదా.”

సంపత్ కంచం పక్కకు జరిపాడు.

“ఎత్తుకపోయిన్రు, సరే. ఫకీరా వైఫై మీదికెల్లి పంపి, ఆయననే పట్టియ్యమని నాకే చెప్పిన్రు. నా చేత్తోనే ఆయన మీద నోటీసు తయారు చేయించిన్రు. ఇంకొక్క గంట ఆగితే సంతకం పెడుదును. మీ పేరు కొట్టేసింది నేనే. అది నా తప్పు. అది కూడా రాసిస్త.”

“ఇంటి సంగతి బజార్ల ఏస్తవా బిడ్డా?” సత్తెమ్మ కళ్లు తుడుచుకుంది. “జర కడుపుల పెట్టుకో.”

“ఆ పిల్లకు కూడా అమ్మ ఉంది అత్తమ్మా. బిడ్డ దొంగ కాదని ఆమెకెవరు చెప్తరు?”

గిన్నె దగ్గరికి జరుపుకుని సంపత్ కంచంలో పచ్చిపులుసు పోసింది.

“సెట్టింగ్స్ ఫైలు కంపెనీకి 5.40కి పంపిన. ఎల్లుండి ఇంటర్వ్యూకి భాగ్యనే పిలుస్తమన్నరు. రేపు పదింటికి కేసు సీఐ సారుకు ఇచ్చేస్త. ఇగ ఆ కేసుల నేను ఆఫీసర్‌ని కాదు, సాక్షిని. మీ అంతట మీరే వస్తే గట్లనే రాస్తరు. రాకుంటే దస్రు వస్తడు, సంపత్ సార్.”

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

“తినండి,” అంది. “ఇయ్యాల ఉల్లిగడ్డ ఎయ్యలేదు.”