పేరు రాయని చెయ్యి

ఆ గురువారం ఉదయం కూడా ఇస్త్రీపెట్టె వేడెక్కిన వాసన వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీద టీ మరుగుతుంటే ఆమె మెడ చాచి నడవలోకి చూసింది. నాన్న నీలం చొక్కా బల్ల మీద పరిచి, కాలరుని ఒకసారి లోపలి నుంచి, ఒకసారి పై నుంచి, కత్తి అంచు సరిచూసుకున్నంత శ్రద్ధగా ఇస్త్రీ చేస్తున్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా చేత్తో కత్తులు చేస్తున్న మనిషి. ఇంటి వెనక కొలిమి, ముందు గదిలో దుకాణం. వంటవాళ్ళూ, మాంసం కొట్టేవాళ్ళూ, తోలుపనివాళ్ళూ అడ్రసు అడుగుతూ వచ్చి మరీ చేయించుకుంటారు. నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ ప్యాంటుతోనే ఆయన రోజులు వెళ్ళిపోయేవి. అమ్మ పోయి మూడేళ్ళు. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎక్కడుంటుందో కూడా ఆయనకు తెలియదని కూతురి నమ్మకం. అలాంటిది రెండు నెలలుగా ప్రతి గురువారం ఇదే తంతు. నీలం చొక్కా, దువ్విన తల, భుజాన గుడ్డసంచి. పదింటికి వెళ్ళడం, ఒంటిగంటకు రావడం. ఎక్కడికంటే "చిన్న పనుంది" అనడం.

"చూశారా?" అంది భర్తతో గొంతు తగ్గించి.

స్కూలు బస్సు నడిపే ఆయన మొదటి ట్రిప్పు ముగించుకొచ్చి, రొట్టెముక్క టీలో ముంచుతున్నాడు. "చూశాను. నాకంటే బాగా చేస్తున్నారు. వచ్చే వారం నావీ రెండు పడేస్తాను."

"వేళాకోళం కాదు. అరవై ఆరేళ్ళొచ్చాక ఇస్త్రీ నేర్చుకున్న మగవాడు ఊరికే నేర్చుకోడు."

"మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకోవడం నేరమా?"

"రోజూ వేసుకుంటే కాదు. గురువారం గురువారం వేసుకుంటే నేరమే."

ఆమె మనసులో పడ్డ ముల్లు చొక్కా ఒక్కటే కాదు. కత్తులు చేసేవాళ్ళ సంఘం ఏటా ఒక వేలం పెడుతుంది. తలా ఒక కత్తి తమ చేత్తో చేసి ఉచితంగా ఇస్తారు. పాడగా వచ్చిందంతా క్యాన్సర్ పరిశోధనకు పోతుంది. అమ్మ పోయాక రెండేళ్ళు నాన్న ఆ వేలం పేరే ఎత్తలేదు. ఈ ఏడు తనంతట తనే ఇస్తానన్నాడు. కత్తులన్నీ పోగుచేసే సంఘం పెద్ద, అందరూ మీసాలాయన అనే మనిషి, రేపు ఉదయం వ్యానులో వస్తున్నాడు. కానీ ఆ కత్తి ఇంతవరకూ ఆమె కంటపడలేదు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ప్రతి కత్తికీ పిడి వేసింది ఆమే. "పిడి నేను వెయ్యనా?" అని అడిగితే, "వద్దులే, ఈసారి నేనే" అని డ్రాయరుకు తాళం వేశాడు. ఆ మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

నాన్న స్నానానికి వెళ్ళాడు. తోలు ఏప్రన్ మేకుకు వేలాడుతోంది. దాని జేబులో తాళంచెవి ఉంటుందని తెలియడానికి పెద్ద అపరాధ పరిశోధన అక్కర్లేదు.

డ్రాయరులో గుడ్డలో చుట్టిన, ఇంకా పిడి వెయ్యని పొట్టి కత్తి ఒకటి ఉంది. దాని మీద అలంకారం లేదు, చెక్కడం లేదు. వేలంలో పెట్టే కత్తిలా లేనే లేదు. దాని కింద నాలుగు మడతల కాగితం. విప్పింది. చెయ్యి బొమ్మ.

అది వాళ్ళ దుకాణం పద్ధతి. కత్తి కావాలని ఎవరొచ్చినా ముందు కాగితం మీద అరచేయి ఆనించాలి. నాన్న చుట్టూ పెన్సిలుతో గీస్తాడు. ఆ బొమ్మను బట్టి ఆమె పిడి చెక్కుతుంది. కత్తి అప్పగించిన రోజున కాగితం వెనక పేరూ తేదీ రాసి రేకుపెట్టెలో వేస్తారు. ఏళ్ళ తరబడి చూడగా చూడగా, బొమ్మ చూసి మనిషిని చెప్పడం ఆమెకు ఆటయిపోయింది.

ఈ కాగితం వెనక్కి తిప్పింది. పేరు లేదు. అంటే కత్తి ఇంకా ఎవరికో చేరాలి. బొమ్మ చూసింది. ఎడమ చెయ్యి, ఆడమనిషిది. సన్నటి వేళ్ళు. ఉంగరం లేదు, ఉంటే పెన్సిలు అక్కడ చిన్న మెట్టెక్కి దిగుతుంది. అమ్మది బొద్దు చెయ్యి, కుడిచేతి వాటం, ఉంగరం ఎన్నడూ తీసేది కాదు. చిటికెనవేలి దగ్గర గీత లోపలికి ఒరిగింది. నాన్న పెన్సిలు మళ్ళీ జారిందనుకుంది. ఆయన గీతలు మనసులోనే సరిదిద్దుకోవడం ఆమెకు అలవాటు.

అంతలో బల్ల మీద నాన్న ఫోను మోగింది. తీసింది.

"మాస్టారూ!" ఆడగొంతు. నీరసంగా ఉన్నా నవ్వుతున్న గొంతు. "మీరిచ్చింది నిద్రలో కూడా వదల్లేదండీ. ఇంకా జారుతూనే ఉంది. ఇవాళ కాస్త ముందొస్తారా?"

ఆమె ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. "ఎవరు మాట్లాడేది?"

"అయ్యో, మాస్టారు కాదా? మూడో గది అని చెప్పండి చాలు. ఆయనకి తెలుస్తుంది."

నాన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో ఫోను.

"మూడో గది పిలుస్తోంది. కాస్త ముందు రమ్మంది."

ఆయన చొక్కా గుండీల మీద చెయ్యి ఆగిపోయింది. "డ్రాయరు తీశావా?"

"తీశాను. తాళం వేశావు కాబట్టే తీశాను. ఈ ఇంట్లో ఎప్పుడైనా తాళం వేసిన డ్రాయరుందా నాన్నా?"

"నీకు చెబుదామనే..."

"ఎప్పుడు? ఆవిడ పెట్టెతో సహా గుమ్మంలో దిగాకా?"

"కాస్త నెమ్మదిగా..." అంటూ భర్త వంటింట్లోంచి లేవబోయాడు.

"మీరు రొట్టె తినండి!" అని కసిరి, మళ్ళీ తండ్రి వైపు తిరిగింది. "మొన్ననే సానబట్టే ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను పిలిచారు. మా నాన్నని వదిలి రానన్నాను. ఇప్పుడు చెబుతున్నా, వెళ్ళిపోతాను. ఇంకో మనిషిని తెచ్చుకుంటానని మొహం మీద చెప్పినా ఊరుకునేదాన్నేమో. కానీ క్యాన్సర్ పరిశోధనకని అందరితో చెప్పి, అమ్మని తీసుకుపోయిన జబ్బు పేరు పెట్టుకుని, ఎవరికో కత్తి చేస్తున్నావే, అది మాత్రం నేను భరించలేను."

ఆయన మెల్లగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"చదువు," అన్నాడు.

"ఏం చదవాలి?"

"ఆ చెయ్యి. ఎవరి చెయ్యి చూసినా ఇట్టే చెబుతావుగా. నాకు చదివి చెప్పు."

ఆమె ముఖం గంటు పెట్టుకునే చదివింది. "ఎడమచేతి వాటం మనిషి. వయసు ముప్పై దాటదు. ఉంగరం లేదు. బరువు పని ఎరగని చెయ్యి. గీత రెండు చోట్ల వణికింది. గీసినవాడి చెయ్యి నిలవలేదు."

"అదొక్కటీ నిజం."

"చిటికెనవేలి దగ్గర పెన్సిలు జారింది."

"జారలేదు తల్లీ. మళ్ళీ చూడు."

చూసింది. వేలు చివరి కణుపు దగ్గర లోపలికి ఒరిగి ఉంది. విరిగి, సరిగా అతకని వేలు.

తనకు ఐదేళ్ళప్పుడు బొమ్మ కొనివ్వలేదని అలిగి తలుపు విసిరి కొట్టింది. తలుపు సందులో అమ్మ చెయ్యి. ఎవరడిగినా అమ్మ, "నా పరధ్యానం, నేనే వేసుకున్నా" అని చెప్పేది. ఆ వేలు పట్టుకునే ఆమె ఏళ్ళ తరబడి బడికి వెళ్ళింది.

ఆమె కాగితంలోని ఆ వంకర మీద వేలుంచి గుమ్మంలోనే కూర్చుంది.

"కుడిచేతికి సూది గుచ్చి ఉంది, అందుకని ఎడమది," అన్నాడు నాన్న, నేల వైపు చూస్తూ. "ఉంగరం జారిపోతోందని వారం ముందే తీసి నాకిచ్చేసింది. మందులకి వేళ్ళు మొద్దుబారిపోయాయి. కత్తి పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియడం లేదండీ, ఈ చేతికి పట్టు దొరికేది ఒకటి చేసివ్వండి, ఇంటికెళ్ళాక ఒక్క ఉల్లిపాయైనా నేనే కోసుకుంటానంది. సరేనన్నాను. హోటలు వాళ్ళ కత్తులు ముగించి మొదలుపెడదాం అనుకున్నాను."

ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. 

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఆ ఆస్పత్రి మాట ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోతావు."

నిజమే. అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఆ నాలుగు నెలలూ ఆమె ప్లాస్కు పట్టుకుని వార్డు గుమ్మం దాకా వెళ్ళేది. అమ్మ చెయ్యి చాస్తే, "ఆర్డర్లున్నాయమ్మా" అని వెనుదిరిగేది. మనుషుల చేతులు చదవడమే పనిగా బతికే తను, అమ్మ చెయ్యి చిక్కిపోతుంటే చూడలేక తల తిప్పుకుంది. చూడని చేతిని ఎలా గుర్తుపడుతుంది?

"మరి మూడో గది?"

"అదే ఆస్పత్రి. అక్కడ వేళ్ళు మొద్దుబారినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ అమ్మకి సరిపోయేది వాళ్ళకీ సరిపోతుందేమోనని... కత్తి లోపలికి తేనివ్వరు కదా, చెక్కతో పిడి ఒక్కటే చెక్కి పట్టుకెళ్తున్నాను. వేలంలో నాది చూసి మన సంఘంవాళ్ళు ఇంకో నలుగురు అలాంటివి చేస్తే మంచిదే కదా."

"ఈ చొక్కా?"

"మాసిన బట్టలతో వెళితే ఆ నర్సమ్మ గుమ్మంలోనే తిట్టి పంపేసింది," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. భర్త చల్లారిన టీ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి, ఇద్దరి పక్కనా పెట్టి తప్పుకున్నాడు.

కళ్ళు తుడుచుకుని ఆమె గుడ్డసంచిలోంచి, మూడో గదికి ఇచ్చినలాంటిదే ఇంకో చెక్కపిడి తీసింది. బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమింది. ఒక్కచోట వేలు ఆగింది.

"కాగితంలో వంకర ఉంది. పిడి మీద లేదేం?"

ఆయన సంచి మూతి ముడి వెయ్యబోయాడు.

"నాన్నా, నిన్నే."

"వేలం రోజు నువ్వూ చూస్తావుగా. పిడి పట్టుకోగానే గుర్తుపడతావు. ఆ తలుపు సంగతి తలుచుకుని బాధపడతావని... నిటారుగా చెక్కేశాను."

"అందుకే జారుతోంది," అంది ఆమె. "వేళ్ళకి స్పర్శ లేనప్పుడు చివరి వేలికి కొక్కెంలా ఆగే చోటుండాలి. ఆకురాయి ఇలా ఇవ్వు."

చిటికెనవేలు ఒరిగిన చోట చిన్న గుంట తీసింది. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దింది. పదిన్నరకు ఇద్దరూ బయల్దేరారు. వార్డు గుమ్మం దగ్గర ఆమె కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నాన్న తొందరపెట్టలేదు. చేతిలో సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

మూడో గదిలో తలకు గుడ్డ కట్టుకున్న దర్జీ ఆవిడ లేచి కూర్చుంది. "ఫోనులో పోలీసులా అడిగింది మీరేనా?"

"నేనేనండీ. తప్పయింది."

"ఫరవాలేదు. మా అమ్మాయీ అంతే."

ఆమె పిడిని ఆవిడ చేతిలో పెట్టింది. ఆ చేతిని ఈసారి చూపు తిప్పుకోకుండా చూసింది. పలచటి చర్మం, నల్లబడ్డ గోళ్ళు, సూది గుచ్చిన మచ్చలు. వేళ్ళు ఒక్కొక్కటిగా మూసింది, ఆఖరున చిటికెనవేలు గుంటలో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు నేను లాగుతాను. వదలకండి."

లాగింది. రాలేదు.

"గట్టిగా లాగండమ్మా, మొహమాటమా?" అంది దర్జీ ఆవిడ.

గట్టిగా లాగింది. రాలేదు. ఆవిడ పకపకా నవ్వింది. ఆమె మాత్రం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. 

సాయంత్రం కల్లా కత్తికి అసలు పిడి సిద్ధమైంది. మర్నాడు ఉదయం మీసాలాయన వ్యాను దిగుతూనే చేతులు చాచాడు. గుడ్డ విప్పి చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇదేంటి మాస్టారూ! అందరూ నెమలిపింఛంలా మెరిసిపోయేవి ఇచ్చారు. వంకర పిడి, పొట్టి కత్తి... దీన్నెవరు పాడతారు?"

"ఓసారి పట్టుకోండి," అంది ఆమె. "కుడిచేత్తో కాదు, ఎడమ."

పట్టుకున్నాడు. కుదురుకున్న చిటికెనవేలి వైపు చూసుకున్నాడు.  "ఎవరి చేతికి చేశారిది?" అన్నాడు గొంతు దించి.

నాన్న ఆమె వైపు చూశాడు.

"మా అమ్మ చేతికి," అంది.

మీసాలాయన కత్తిని తిరిగి గుడ్డలో చుట్టి, వ్యాను వెనక మిగతావాటితో కాకుండా తన పక్క సీటులో పెట్టుకున్నాడు.

వ్యాను మలుపు తిరిగాక నాన్న కాగితం తీసి, వెనక్కి తిప్పి, పెన్సిలు ఆమెకిచ్చాడు. "అప్పగించేశాం కదా. నువ్వే రాయి."

ఆమె తేదీ రాసింది. పేరు దగ్గర కాసేపు ఆగి, 'అమ్మ' అని రాసింది. రేకుపెట్టెలో అందరి చేతుల మీదా ఆ చెయ్యి పెట్టి, మూత వెంటనే వెయ్యలేకపోయింది. నాన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. 

"నాన్నా," అంది ముక్కు తుడుచుకుంటూ. "వచ్చే గురువారం నాకూ ఒక చొక్కా ఇస్త్రీ చేసిపెట్టు."

"అలాగేనమ్మా."

వంటింట్లోంచి భర్త గొంతు వినిపించింది. "నావీ రెండు, మావయ్యా!"