లోయకి పెట్టిన గుమ్మడికాయలు

ఆ లోయకి మంచి పేరు లేదు.

ఇక్కడ, పరాయి దేశంలో, మా సిటీ శివారు ఆల్బనీ దాటి ఉత్తరంగా ముప్పావుగంట డ్రైవ్ చేస్తే, కొండల నడుమ కొంత గడ్డి నేల, ఒక పాత చెక్క ఇల్లు. ఇంటి వెనక కంచె, కంచె దిగువన ఈ లోయ. చెట్లు కమ్ముకుని పగలు కూడా చీకటే. లోపల వాగు పారే చప్పుడు వినబడుతుంది గాని నీళ్ళు కనబడవు. ఒకప్పుడు పాలేరు పెళ్ళాం ఒకతి నిండు నెలలతో ఆ వాగులో పడి పోయిందట. అమావాస్య దగ్గర పడితే ఎర్రటి దీపం పట్టుకుని పుట్టని బిడ్డ కోసం వెతుక్కుంటుందట...

తాళాలు చేతికిచ్చిన రోజునే స్థలం ఓనరు వినేశ్ ఈ సంగతి, ఆ ఇల్లు లీజుకి తీసుకున్న విష్ణుకి చెప్పాడు. "చీకటి పడ్డాక మాత్రం అటు దిగకండి" అని గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

ఈ కథ నాకు చెప్పింది విష్ణు అత్తగారు, సీతారత్నం గారు. ఇప్పుడు మా పక్క ఫ్లాటే వాళ్ళది. కాఫీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మధ్యమధ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటూ చెప్పారు. మీరు భోంచేసి కూర్చుంటే కాస్సేపాగి చదవండి.

విష్ణు చదువుకోవడానికి వచ్చి, ఆల్బనీలో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ ఉండేవాడు. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాడు కదా, ఏసీ గదిలో ఊపిరాడలేదు. 2016లో ఉద్యోగం మానేసి, ఆ స్థలం లీజుకి తీసుకుని మేకలు పెట్టాడు. భార్య అక్షయకి అప్పుడు మూడో నెల. వినేశ్ వాళ్ళు ఫిజీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, ముత్తాతల నాడు తెలుగువాళ్ళే. వాళ్ళ నాన్న బిజేంద్ర ఆ నేల మీద ఆవుల్ని పెంచి, అక్కడే కన్నుమూశాడు. కొడుకు సిటీలో అపార్ట్‌మెంటు వదలడు, అందుకే లీజు.

మొదట వచ్చింది వాసన.

చచ్చిన ఎలుక వాసన కాదట. తియ్యగా, జిడ్డుగా, నాలిక మీద అంటుకునే వాసన. కిటికీలు మూసినా వచ్చేది. అక్షయ ముద్ద నోట్లో పెట్టుకోవడం, సింకు దగ్గరికి పరిగెత్తడం... రోజూ ఇదే వరస.

ఒక మధ్యాహ్నం విష్ణు లోయలోకి దిగి చూశాడు. చెట్టు మొదట్లో పేగుల కుప్ప. పచ్చగా ఉబ్బి, పురుగులతో కదులుతోంది. తల లేదు, కాళ్ళు లేవు, చర్మం లేదు. ఒంటికి పైన ఉండాల్సింది ఒక్కటీ లేదు, లోపల ఉండాల్సినవి మాత్రమే ఉన్నాయి.

విష్ణు అక్కడే కక్కుకున్నాడు. ఇంటికొచ్చి వినేశ్‌కి ఫోన్ చేశాడు.

"చెప్పాను కదా బ్రదర్... అటు వెళ్ళొద్దని."

ఆ నెలాఖరుకి సీతారత్నం గారు తణుకు నుంచి దిగారు, కూతురి పురుడు పోసి వెళ్దామని. వచ్చిన మొదటి అమావాస్య రాత్రే చూశారు. చెట్ల మధ్య ఎర్రటి వెలుగు ఒకటి... నేలకి కాస్త ఎత్తున... మెల్లగా తేలుతూ వచ్చి ఆగింది. "తుప్" మని చిన్న చప్పుడు. వెంటనే అరుపు —

"నొప్పులు పడుతున్న మనిషి అరుపేనమ్మా. చివరి నొప్పి," అన్నారు నాతో.

అక్షయ రెండు చేతులతో పొట్ట పట్టుకుని మంచం మీద బిగుసుకుపోయింది. విష్ణు మాత్రం, "దెయ్యాలేమిటి అత్తయ్యా, ఏ జంతువో అయ్యుంటుంది" అన్నాడు. అన్నాడే గాని తలుపు తీసి బయట కాలు పెట్టలేదు.

సీతారత్నం గారు ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. దెయ్యాలంటే నమ్మకం ఉందా అంటే లేదనే అంటారు. కానీ కడుపుతో ఉన్న కూతుర్ని పక్కన పెట్టుకుని పంతాలకి పోయే తల్లి ఎక్కడుంటుంది? పెరట్లో అప్పటికే కాసి ఉన్న గుమ్మడి పాదులున్నాయి. ఇక్కడి కాయ పైకి అచ్చం మన బూడిద గుమ్మడికాయే, కోస్తే మాత్రం లోపల పసుపుపచ్చ. ఆవిడకి అదే గొప్ప ఊరట. కాయకి గాట్లు పెట్టి, కుంకుమ కూరి, కూతురికి దిగదుడిచి, తీసుకెళ్ళి లోయ గట్టున పగలగొట్టారు.

"నువ్వెవరివో తల్లీ... ఇది తిని తృప్తి పడు. మా పిల్ల కడుపు జోలికి మాత్రం రాకు."

తెల్లారి చూస్తే కాయ లేదు. తొక్క లేదు. గింజ కూడా లేదు.

"దెయ్యాలు గింజలు కూడా తింటాయా పిన్నిగారూ?" అని అడిగాను.

"ఆకలి మీదుంటే తింటుందేమో అనుకున్నానమ్మా," అన్నారావిడ. నవ్వలేదు.

కాయ పుచ్చుకుంది కదా, ఇక శాంతిస్తుందనుకున్నారు. ఏదీ? మరుసటి అమావాస్యకి అరుపులు రెండయ్యాయి. ఒకటి బొంగురుగా, ఒకటి సన్నగా. వాసన రెట్టింపైంది. చాల్లేదు కాబోలని ఈవిడ రెండు కాయలు పెట్టారు, తర్వాత బుట్టెడు. అమావాస్య అమావాస్యకీ పెట్టేది కాస్తా వారం వారం అయింది. పెట్టినకొద్దీ ఎర్ర దీపం ఎక్కువసార్లు రావడం మొదలైంది. కుక్కకి రొట్టె వేసి పొమ్మంటే పోతుందా?

అక్షయకి ఏడో నెల వచ్చింది. ఒళ్ళు రావాల్సిన రోజుల్లో తగ్గిపోయింది. సీతారత్నం గారు తేల్చి చెప్పేశారు.

"ఈ అమావాస్యకి కూడా ఆ అరుపు వినబడిందంటే, నా కూతురు ఈ ఇంట్లో పురుడు పోసుకోదు. సిటీలో ఏదో ఒక ఫ్లాట్ చూసుకుందాం."

"మేకల్ని ఏం చెయ్యను అత్తయ్యా? ఉద్యోగం కూడా మానేశాను. ఉన్నదంతా ఇక్కడే పోశాను. లేని దెయ్యానికి భయపడి వదిలేసి పొమ్మంటారా?"

అల్లుడి మొహం చూస్తే ఆవిడకీ కష్టమే అనిపించింది. తప్పంతా తనదేనేమో అనుకున్నారు. గట్టున పడేసి పారిపోయి వస్తే ఏ ఆత్మ మాత్రం ఊరుకుంటుంది? ఎదురుగా నిలబడి ఇవ్వాలి.

అమావాస్య రాత్రి, విష్ణు మేకల షెడ్డులో ఉండగా, ఆవిడ అతని నల్ల కోటు తొడుక్కుని, గోనెసంచిలో కుంకుమ కూరిన కాయ, అగ్గిపెట్టె వేసుకుని, చెప్పకుండా లోయలోకి దిగారు.

దిగుతుంటే బురదకి కాలు జారింది. సంచి చేయి జారి, కాయ రాళ్ళ మీద పడి పగిలి, ముక్కలు చీకట్లోకి దొర్లాయి. చెప్పులు పోయాయి. మోకాళ్ళ మీద, చేతుల మీద పాకుతూ అగ్గిపెట్టె కోసం తడుముకున్నారు. చేతికి తగిలింది మెత్తగా... చల్లగా... వేళ్ళ మధ్య నుంచి జారింది. ఏమిటో ఆవిడకి అర్థమైంది. వాసనకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరిస్తే వాసన లోపలికి పోతుందని పళ్ళు బిగబట్టారు.

అప్పుడు వినబడింది.

పక్కనే... చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో... ఎవరో నములుతున్నారు. తడి నోటితో, ఆత్రంగా... మధ్యలో బరువైన ఊపిరి.

ఎదుటి గట్టు మీద ఎర్ర దీపం వెలిగింది.

అది మెల్లగా వచ్చి ఆవిడ చేతుల మీద ఆగింది. చేతుల మీంచి మొహం మీదికి పాకింది. అక్కడే నిలిచింది. ఎక్కడో "క్లిక్" మంది.

"అత్తయ్యా!" — పై నుంచి విష్ణు కేక.

దీపం చటుక్కున పక్కకి తిరిగింది. "తుప్."

అరుపు ఆవిడ చెవిలోనే పుట్టింది. వేడివేడిగా ఏదో మొహం మీద చిందింది. అరుస్తోంది తనేననుకుని రెండు చేతులతో నోరు మూసుకున్నారు. అయినా అరుపు ఆగలేదు. చాలాసేపు ఆగలేదు.

తర్వాత తెల్లటి లైటు పడింది. నుదుటికి లైటు, భుజాన తుపాకీ, చేతిలో కత్తి. రొప్పుతూ వాగు దాటి వచ్చాడు — వినేశ్.

ఆవిడ పక్కన పెద్ద ఆడ అడవిపంది పడి ఉంది. దాని మూతి నిండా కుంకుమ.

"ఓ, ఆంటీ! మీరా?" అన్నాడు. "మొదట ఇంకో పందే అనుకున్నా. పై నుంచి కేక వినబడింది కాబట్టి సరిపోయింది."

అంతలో విష్ణు జారుతూ, పడుతూ కిందికొచ్చాడు. అత్తగారిని లేపి, వినేశ్‌ని అడిగాడు. "ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

"వేట. చలికాలం మొత్తం వెన్నెల లేని రాత్రుల్లో వస్తూనే ఉన్నాను, వెనక రోడ్డు వైపు గేటు నుంచి. తుపాకీకి సైలెన్సర్ ఉంది, మీకేం డిస్టర్బెన్స్ లేదు కదా? తెల్ల లైటు వేస్తే పందులు పారిపోతాయి, ఎర్రది పట్టించుకోవు."

"లీజులో నువ్వు వేటాడతావని ఎక్కడుంది?"

"లీజుకిచ్చింది ఇల్లు, గడ్డి. భూమి నాది. మా నాన్న నుంచి నాకొచ్చింది. నా భూమిలో నేను తిరగడానికి నిన్నడగాలా?"

"అడగాలి. వేట హక్కు ఉంచుకుంటున్నానని కాగితంలో రాసుకోలేదు నువ్వు. లీజు ఉన్నన్నాళ్ళూ అడిగే రావాలి."

"అడిగితే ఒప్పుకునేవాడివా? ఇంట్లో కడుపుతో ఉన్న భార్యని పెట్టుకుని, పెరట్లో తుపాకీ అంటే ఎవడొప్పుకుంటాడు?" అన్నాడు వినేశ్. నిజాయితీగానే అన్నాడట! "అందుకే దెయ్యం అని చెప్పా. మనవాళ్ళు ఆ మాట వింటే చీకట్లో బయటికి రారు. మీ సేఫ్టీ కోసమే బ్రదర్."

ఇదంతా ఇంగ్లీషులోనే నడిచింది. సీతారత్నం గారికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. అయినా తెలుగులోనే అడిగారు.

"ఆ గుమ్మడికాయలు ఎందుకు పెట్టానో తెలుసా నీకు?"

"దిష్టి!" అని తెలుగులోనే అన్నాడు, పరీక్షలో జవాబు దొరికిన పిల్లాడిలా నవ్వుతూ. మిగతాది ఇంగ్లీషులో. "మా ఆజీ, అంటే నాయనమ్మ, కూడా తిప్పి పారేసేది. ఇదివరకు ఒక్క పంది దొరకడమే గగనం ఆంటీ. మీరు పెట్టడం మొదలెట్టాక గుంపులు గుంపులు. థాంక్యూ."

మాట్లాడుతూనే వంగాడు. అలవాటైన చెయ్యి. పందిని వెల్లకిలా తిప్పి, పొట్ట కింద కత్తి దించి, ఒక్క లాగు లాగాడు.

పేగులతో పాటు సంచులు జారాయి. నీలంగా, నిగనిగలాడుతూ, చలికి పొగలు కక్కుతూ. లోపల పిల్లలు. కళ్ళు తెరవనివి, గిట్టలు కూడా వచ్చేశాయి. ఒకటి కదిలింది.

"అరెరే, కడుపుతో ఉందే," అన్నాడు వినేశ్. బకెట్ దగ్గరికి లాక్కున్నాడు. "పోన్లే. ఇవి కుక్కలకి పనికొస్తాయి."

"ఆ పిల్లలు నా కాయలు తినే పెరిగాయమ్మా," అన్నారు సీతారత్నం గారు నాతో. ఆ మాట దగ్గర కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. తుపాకీ గురి మొహం మీద నిలబడ్డప్పుడు కూడా కదలని మనిషి, అక్కడ నిలబడలేక వాగు ఒడ్డున కూలబడి పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నారట. వాడు మాత్రం ఏమీ జరగనట్టు, మంచి తొడ ముక్క ఒకటి కోసి అల్లుడి వైపు చాపాడట.

అల్లుడి చెయ్యి పట్టుకుని గట్టెక్కారు. పెరటి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నారు, మళ్ళీ కడుక్కున్నారు. వాసన పోలేదు.

గుమ్మంలో అక్షయ నిలబడి ఉంది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

"మళ్ళీ అరుపు వినబడింది... ఎవరమ్మా అక్కడ? ఏం చూశారు?"

విష్ణు నోరు తెరిచాడు. సీతారత్నం గారు అతని మణికట్టు గట్టిగా నొక్కారు. కూతురి పొట్ట వైపు చూశారు. అతనూ చూశాడు.

"దెయ్యమేనమ్మా," అన్నారావిడ.

అక్షయ భర్త వైపు తిరిగింది. "నిజంగానా? మీరూ చూశారా?"

"చూశాను," అన్నాడు విష్ణు. "పొద్దున్నే సామాన్లు సర్దేసుకుందాం."