ఉప్పు మింగిన ఆకు

"ఛీ, దీనికీ జబ్బే! దీనికీ జబ్బే!"

యామిని మోకాళ్ళ లోతు బురదలో నిలబడి వరి మొక్కలు పీకుతోంది. ఆదివారం మధ్యాహ్నం. ఎండకి నెత్తిన నాన్న తువ్వాలు వేసుకుంది. పీకిన ప్రతి మొక్కనీ కోప్పడి మరీ, చేలకి నీళ్ళు తెచ్చే పంటబోదె పక్క బురదలోకి విసురుతోంది.

యామిని ఐదో తరగతి చదువుతోంది. మాస్టారు చెప్పిన మాట ఒక్కటి కూడా మరిచిపోదు. 'జబ్బు పడ్డ మొక్కని పీకేస్తే పక్క మొక్కకి అంటుకోదు' అని సైన్సు మాస్టారు బుధవారం చెప్పారు. ఆదివారానికల్లా అమ్మాయి పొలంలో దిగిపోయింది. ఇలాంటి పిల్లలంటే మాస్టార్లకి భలే ముచ్చట. పొలానికే కాస్త ప్రమాదం.

ఆ పొలాన్ని ఇంట్లో అందరూ పర్ర అంటారు. మురమళ్ళకి కాస్త దూరంలో, ఉప్పు కాలువ ఒడ్డున ఉంటుంది. తొంభై ఆరు తుపానులో సముద్రం నీళ్ళు గట్టు తెంచుకుని వచ్చి, మూడు రోజులు ఆ చేలోనే నిలబడ్డాయి. నీళ్ళు పోయాయి గానీ ఉప్పు పోలేదు. ఎండ కాస్తే నేల మీద తెల్లగా పేరుకుంటుంది.

"ఇక ఇందులో వరేం పండుతుందమ్మా? రొయ్యల చెరువుకి లీజుకిచ్చేద్దాం" అన్నాడు యామిని నాన్న లోవరాజు.

మామ్మ అప్పాయమ్మ ఒప్పుకోలేదు. అటక మీంచి ఒక పాత గుడ్డమూట దించింది. అందులో రెండు గుప్పెళ్ళ వడ్లున్నాయి. మామ్మ అత్తగారి నాటి ఉప్పునేల విత్తనం, ఏటా పెరట్లో కాసిని పండించి నిలుపుకుంటూ వచ్చింది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు.

"ఒక్క ఏడాది ఆగరా. ఇవి వెన్ను తీస్తే వచ్చే ఏటికి విత్తనం కడదాం. తియ్యకపోతే నీ ఇష్టం, చెరువు తవ్వించుకో."

"సరేనమ్మా, కోతల దాకా చూస్తాను. ఆ తరవాత నన్నేం అనకూడదు."

అలా పర్రలో ఓ మూల, మంచమంత చోట, ఆ గింజలు చల్లారు. చెరువు మాట యామినికి అసలు నచ్చలేదు. తను నడక నేర్చింది ఆ గట్టు మీదే మరి. అందుకే మామ్మ నాలుగు రోజులకి కొత్తపేటలో కూతురింటికి వెళుతూ "నారు చూస్తూ ఉండవే" అంటే, "ఆయ్, నేనున్నాగా!" అంది.

తీరా చూస్తే ఏముంది? మొక్కలు జానెడు కూడా లేవు. ప్రతి దానికీ కింది ఆకు ఎండిపోయి ఉంది. మెరక చేలో నాన్న పోసిన కొత్త రకం నారేమో ఒత్తుగా, పచ్చగా, నవనవలాడుతోంది. ఇంకేం! జబ్బు మొక్కలన్నీ పీకేసి, మెరక నుంచి రెండు కట్టల నారు తెచ్చి, ఆ చోట వరసలు తీసి నాటేసింది. మామ్మ చూసి ఎంత మురిసిపోతుందో అనుకుంది.

గురువారం సాయంత్రం మామ్మ బస్సు దిగింది. సంచి కూడా ఇంట్లో పెట్టకుండా పర్రకి నడిచింది. యామిని ముందే పరుగెత్తి గట్టెక్కింది. ఎక్కి, అలాగే ఆగిపోయింది.

పచ్చటి నారు పచ్చగా లేదు. ఆకుల కొనలు కాల్చినట్టు మాడిపోయాయి. సగం మొక్కలు నీళ్ళలో వాలిపోయాయి.

"ఇవి మన మొక్కలు కావే!" మామ్మ వంగి ఒక ఆకు పట్టుకుని చూసింది. "నా మొక్కలేవే?"

"వాటికి జబ్బు చేసింది మామ్మా. పీకేసేను" అంది యామిని.

మామ్మ గట్టు మీద కూలబడింది. తిట్టినా బావుండును అనిపించింది యామినికి. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడుపు తరవాతే. ఎక్కడ పారేసేవో చూపించు."

బోదె పక్కన మొక్కలు కుప్పగా పడి ఉన్నాయి. చాలా మటుకు కుళ్ళిపోయాయి. మామ్మ వంగి ఒక్కొక్కటే తీసి చూసింది. ఉన్నట్టుండి "ఓసి నీ దుంపతెగ!" అంది. అన్నది యామినిని కాదు, ఒక మొక్కని. అదీ ముద్దుగా.

ఆ మొక్క అడ్డంగా పడి ఉంది. అయినా దాని వేళ్ళు బురదని పట్టుకున్నాయి, తల పైకి లేచింది. నాలుగు రోజులు దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్నా చావలేదు!

మామ్మ పర్ర మట్టి చిటికెడు తీసి యామిని ముందు పెట్టింది. "నాలిక మీద వేసుకో."

"ఛీ, మట్టా?"

"వేసుకోవే."

యామిని నాకింది. "తూ! ఉప్పు కషాయం!" అని ఉమ్మేసింది.

"చిటికెడికే ఉమ్మేసేవు. ఇది పొద్దస్తమానం ఆ నీళ్ళే తాగుతోంది. ఎలాగో మా అత్తగారు చెప్పేరు. చాలా మటుకు ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది. తప్పించుకుని లోపలికొచ్చిన ఉప్పుని ఈ కింది ముసలి ఆకులోకి తోసేస్తుంది. ఉప్పు మింగి ఆకు ఎండిపోతుంది. చిగురుకి మాత్రం చేరనివ్వదు. చూడు, ఎంత పచ్చగా ఉందో!"

యామిని చూసింది. నిజమే. ఎండిన ఆకు పైన చిలక ఈకలాంటి చిగురుంది. పీకిన రోజు కూడా ఉండే ఉంటుంది. తను కింది ఆకు చూసి ఊరుకుంది, పైకి చూడనే లేదు. ఇంత చిన్న మొక్కకి అంత తెలివి ఎక్కడిదా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"మరి ఆ పచ్చ నారుకి ఇది చేతకాదా?"

"దాని తప్పేముందే? అది మంచినేల మొక్క. మెరకలో దివ్యంగా పండుతుంది. తీసుకొచ్చి ఉప్పులో పెడితే ఏం చేస్తుంది పాపం?"

చీకటి పడేలోగా ఇద్దరూ బతికున్న మొక్కలన్నీ ఏరారు. పందొమ్మిది తేలాయి. మళ్ళీ నాటారు.

"మీ నాన్నకి నన్ను చెప్పమంటావా?"

"వద్దు మామ్మా. నేనే చెప్తాను."

నాన్న గేదెకి గడ్డి వేస్తుంటే వెళ్ళి అంతా చెప్పింది. లోవరాజు గడ్డిమోపు కింద పడేశాడు.

"ఎంత పని చేసేవే! పందొమ్మిది మొక్కలతో ఏం విత్తనం కడతాం?"

"కోతల దాకా చూస్తానన్నారు కదా నాన్నగారూ. కోతలు ఇంకా రాలేదుగా!"

లోవరాజుకి కోపం మధ్యలోనే నవ్వొచ్చింది. "అచ్చం మీ మామ్మ నోరే" అన్నాడు.

అప్పటినుంచి యామిని బడికి వెళ్ళే ముందు పర్రకి వెళ్ళేది. వాన పడితే గట్టుకి గండి పెట్టి మడిలో ఉప్పునీళ్ళు తీసేసేది, మంచినీళ్ళు పట్టేది. ఒక రోజు చూసేసరికి ఐదు మొక్కలు పోయాయి. ఆ రోజు యామిని అన్నం తినలేదు. మిగిలిన పద్నాలుగూ ఒక్కొక్క కింది ఆకునీ వదులుకుంటూ, పైన కొత్త ఆకు వేసుకుంటూ పెరిగాయి. కోతల నాటికి పద్నాలుగూ వెన్ను తీశాయి.

లోవరాజు ఒక గింజ కొరికి చూశాడు. "గట్టిగానే ఉందమ్మోయ్!" అన్నాడు. వడ్లు నాలుగు గుప్పెళ్ళయ్యాయి. మామ్మ ఆ మూట ముడి యామిని చేతే వేయించింది. చెరువు లీజు కోసం వచ్చిన మనిషితో నాన్న "మా పర్రలో విత్తనం కడుతున్నామండీ, ఇవ్వం" అన్నాడు. తలుపు వెనక యామిని చప్పట్లు కొట్టింది.

మళ్ళీ ఏడాది జూలై వచ్చింది. పర్రలో ఈసారి నారు రెండు మంచాలంత చోట ఉంది. ఒకటో తరగతిలో చేరిన తమ్ముడు తేజ అక్క వెంట బురదలో దిగాడు. ఎండిన కింది ఆకు కనబడగానే చెయ్యి చాచాడు.

"అక్కా, దీనికి జబ్బే! పీకేస్తాను."

యామిని ఆ చెయ్యి పట్టుకుంది. వంగి చిటికెడు మట్టి తీసింది.

"నాలిక చాపు."

"తూ! ఉప్పు!"

"ఇప్పుడు దాని తల చూడు."

తేజ మూతి తుడుచుకుంటూ చిగురు వంక చూశాడు. "ఇంత ఉప్పు ఇది తాగేస్తోందా అక్కా?"

"రోజూ" అంది యామిని. ఆ మొక్క మొదట్లోకి కాస్త మట్టి ఎగదోసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్క మొక్క దగ్గరికి జరిగింది.