పాత పేజీలో కొత్త పేరు

“పరిగి బస్సు పోయిందా?”

వికారాబాద్ స్టేషన్లో బెంచీకి అటు చివర కూర్చున్న స్త్రీ తల తిప్పకుండా అడిగింది.

“ఒకటి పోయింది. ఇంకోటి పంక్చరైంది,” అన్నాడు చంద్రకాంత్.

కోడ్ సరిపోయింది. ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. వినీత. బ్యూరోలో ఆమె గురించి కథలు చెప్పుకోని జూనియర్ లేడు, ఆమె వైపు ఓరగా చూడని సీనియర్ లేడు. ముదురాకుపచ్చ పట్టుచీరలో పెళ్లికి బయల్దేరిన మనిషిలా ఉంది.

“సీగల్ అనే గూఢచారి ముఠా తన మనిషిని మన డిఫెన్స్ ల్యాబ్‌లోకి సైంటిస్టుగా పంపబోతోంది,” అంది. “ఎవరో తెలియదు. దొంగ పీహెచ్‌డీ మాత్రం మూసీ యూనివర్సిటీ పేరు మీద తయారవుతుందని సమాచారం.”

“సర్టిఫికెట్ ఎవడైనా ముద్రిస్తాడు. వెరిఫికేషన్లో దొరికిపోతాడు కదా?”

“అక్కడే ఉంది కిటుకు. యూనివర్సిటీ వెబ్‌సైట్ ఎన్నోసార్లు మారింది. పాత పేజీలన్నీ అప్పుడు ఎలా ఉన్నాయో అలాగే కాపీ తీసి రికార్డుగా దాచారు. వెరిఫికేషన్ వాళ్లు చూసేది ఆ ఆర్కైవ్‌నే. అందులో ఓ పేరు ఎక్కిందా, ఇక వాణ్ణి ఎవరూ అడగరు. ఆర్కైవ్ చూసే అమ్మాయి రెబెక్క. నా అనుమానం ఆమె మీదే. ఆమె పాస్‌వర్డ్ కావాలి. నిఘా నేను పెడతాను.”

చంద్రకాంత్‌ది ఇదే జిల్లాలోని తాండూరు. పద్నాలుగేళ్ల సర్వీసులో సొంత జిల్లాలో పని పడడం ఇదే మొదలు. కళ్లజోడు, తెల్లబడ్డ మీసం, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని మర్నాడు నిఖిల్ అనే సాఫ్ట్‌వేర్ ఆడిటర్‌గా వికారాబాద్‌లోని ఆ యూనివర్సిటీ గేటు దాటాడు.

రెబెక్కకు ముప్పై ఉంటాయి. పెద్దేముల్ నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది. అనుమానితురాలంటే ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అడిగినదానికి మాత్రమే జవాబిస్తుంది. ఈమె అడగనివి కూడా చెప్పింది.

“గీ పేజీ చూడు సార్. ఒక కోర్సుకు గుర్తింపు ఉన్నదని పెట్టిండ్రు. పిల్లలు చేరినంక పేజీ లేపేసి, మేం గట్ల అననే లేదన్నరు. నా దగ్గర కాపీ ఉండె. కోర్టుల చూపిచ్చినం. పిల్లలను వేరే కాలేజీల చేర్పిచ్చిండ్రు.”

“మీ పైవాళ్లకు కోపం రాలేదా?”

“వచ్చింది. వస్తె ఏంజేస్తరు? పేజీ తీసేసుడు వాళ్ల పని. ఉంచుడు నా పని.”

ప్రతి పేజీకీ ఒక డిజిటల్ వేలిముద్ర ఉంటుందనీ, ఒక్క అక్షరం మారినా అది మారిపోతుందనీ ఆమే చూపించింది. రెండో కాపీ తాండూరులో, ఓ పాలిషింగ్ యూనిట్ వెనకున్న నాపరాతి గదిలో ఉందని కూడా చెప్పింది. ఆ సాయంత్రమే ఆ సంగతి అతని నుంచి వినీతకు చేరింది.

మూడో రోజుకు ఆమె టిఫిన్ డబ్బాలోని జొన్నరొట్టె, పుంటికూర సగం అతని వైపు జరిగాయి. ‘సార్’ పోయి ‘అన్నా’ వచ్చింది. ఆడిట్‌లో భాగమని చెప్పి అతను ఆమె పాత కీబోర్డు మార్చాడు. కొత్తదాని లోపల, నొక్కిన ప్రతి అక్షరాన్నీ అతని ఫోనుకు పంపే కీలాగర్ ఉంది.

“అక్షరాలు కనవడక మస్తు పరేషాన్ అయితుంటి,” అంది రెబెక్క కొత్త కీలను వేళ్లతో తడుముతూ. “ఎన్ని అర్జీలు పెట్టినా ఇయ్యలే. దేవుడు నిన్ను సల్లగ చూడాలన్నా.”

చంద్రకాంత్ తల వంచి రొట్టె తుంచాడు. మనుషులను నమ్మించడం అతని వృత్తి. దానికి మెడల్ కూడా ఉంది. తుంచిన ముక్కను మాత్రం తిరిగి డబ్బా మూతలో పెట్టేశాడు. అయినా సాయంత్రం బస్టాండ్ పక్కన ఆగిన కారు కిటికీలోంచి పాస్‌వర్డ్ వినీతకు అందించాడు.

“త్వరగానే సాధించావే,” అందామె.

“ఆమె అలాంటి మనిషి కాదనిపిస్తోంది మేడం.”

“అనిపించడం మన ఉద్యోగం కాదు.”

మర్నాడు పొద్దున అతను వెళ్లేసరికి రెబెక్క గేటు బయట నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో ఐడీ కార్డు లేదు.

“రాత్రి ఆర్కైవ్‌ల ఎవరో చెయ్యి వెట్టిండ్రన్నా. వేలిముద్ర కలుస్తలేదని నేనే పోయి రిజిస్ట్రార్ సార్‌కు చెప్పిన. ఆయన లాగ్ చూసిండు. అండ్ల నా పేరే ఉంది. నా పాస్‌వర్డే. ఏ పేజీ మారిందో చూసెటందుకు కూడా ఉండనియ్యలే, బయటికి పంపిండ్రు.”

చంద్రకాంత్ ఫోన్ తీశాడు. ఆ పాస్‌వర్డ్ రెబెక్క కాక ఇద్దరికే తెలుసు. ఒకడు తను. వినీతకు ఫోన్ చేశాడు. స్విచాఫ్.

“తాండూరు కాపీ?” అన్నాడు.

“అది మంచిగనే ఉంది. కని పగటీలి పన్నెండుకు సింక్ ఉంది. ఈడ ఉన్నదంత ఆడికి పోయి పాతదాని మీద కూసుంటది. వేలిముద్రలు గూడ మారుతయి. ఇగ అబద్ధమే అసలైతది. ఎవలు నిరూపిస్తరు?”

“ఆపొచ్చా?”

“ఈడికెళ్లి ఆపరాదు, నా లాగిన్ తీసేసిండ్రు. ఆడ అయితుండంగ లైను తెంపితె, సగం పోయింది గూడ వాపస్ అయితది.”

అతను కారు తలుపు తీశాడు. ఇద్దరూ తాండూరు దారి పట్టారు. ధారూర్ దాటాక అతను కళ్లజోడు తీసి, అంటించిన మీసం పీకి డాష్‌బోర్డు మీద పెట్టాడు.

“నా పేరు నిఖిల్ కాదు. చంద్రకాంత్. ఇంటెలిజెన్స్. కీబోర్డులో కీలాగర్ పెట్టింది నేనే. నీ పాస్‌వర్డ్ మా ఆఫీసరుకు ఇచ్చిందీ నేనే. ఆమే సీగల్ మనిషని ఇప్పుడు అర్థమైంది.”

రెబెక్క కిటికీలోంచి కందిచేల వైపు తిరిగింది.

“రొట్టె తినుకుంటనే చేసినవా?” అంది.

అతను గేరు మార్చాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. కోట్‌పల్లి మలుపు, పెద్దేముల్, ఆమె ఊరి బస్‌స్టాపు వెనక్కి వెళ్లిపోయాయి. అక్కడ ఎవరో ఆమెకు చెయ్యి ఊపారు. ఆమె ఊపలేదు. అతను ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని బ్యూరో చీఫ్ మల్లికార్జున్‌కు ఫోన్ చేసి, రెండు ముక్కల్లో సంగతి చెప్పి, తాండూరుకు పోలీసులను పంపమన్నాడు.

పాలిషింగ్ యూనిట్ ముందు నల్లకారు ఆగి ఉంది. వెనక గది గుమ్మంలో వినీత, సింక్ పూర్తయ్యేదాకా కాపలాగా. ఈసారి చీర లేదు. జీన్స్, జాకెట్, కుడిచెయ్యి జాకెట్ జేబులో. ఆమె భుజం మీదుగా లోపలి స్క్రీన్ కనిపిస్తోంది. సింక్ ఎనభై శాతం దాటింది.

“లైను ఎక్కడ?” అన్నాడు చంద్రకాంత్ గోడ చాటు నుంచి.

“గా కట్టర్ మిషిన్ వెనక, గోడ పొంటి,” అంది రెబెక్క. “నేను పోత. ఆమెను నువ్వు చూసుకో.”

అతను షర్టు విప్పి, బనీను మీద, మొహం మీద రాతిపొడి గుమ్మరించుకున్నాడు. తలకు తువ్వాలు చుట్టి, నాపరాళ్లు పేర్చిన తోపుడుబండి పట్టుకున్నాడు. మిషన్ల రొదలో బండి తిన్నగా గుమ్మం దాకా పోయింది.

“స్వల్ప సరీరి, అక్కా,” అన్నాడు, కొంచెం జరగమని, సరిహద్దు అవతలి కూలీలా కన్నడంలో.

వినీత ముక్కు మూసుకుని ఓ అడుగు పక్కకు జరిగింది. మరుక్షణం అతని చేతులవైపు చూసింది. పాలిష్ పనివాడి చేతులు అంత నున్నగా ఉండవు.

“చంద్రకాంత్,” అంది. పిస్టల్ బయటికొచ్చింది. “లాగ్‌లో ఉన్న పేరు ఆ పిల్లది. తాళం తెచ్చిచ్చింది నువ్వు. నేను ఎక్కడా లేను. వెళ్లిపో. నీకూ నష్టం లేదు.”

స్క్రీన్ మీద తొంభై ఆరు. ఆమె చెప్పింది నిజం. అదే అతని ఒళ్లు మండించింది. అతను బండి ఎత్తేశాడు.

నాపరాళ్లు జారి ఆమె కాళ్ల మీద పడ్డాయి. పిస్టల్ పేలింది. గుండు పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. తొంభై ఎనిమిది. అతను ఆమె మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. తొంభై తొమ్మిది.

బయట రాయి కోసే కట్టర్ కీచుమంది.

స్క్రీన్ ఆగింది. అంకె మినుకుమని, సున్నా అయింది. ‘కనెక్షన్ తెగిపోయింది. పాత కాపీ యథాతథం.’ గుమ్మంలో రెబెక్క నిలబడి ఉంది, చేతిలో తెగిన కేబుల్ కొసతో.

పోలీసులు వినీతను తీసుకుపోయాక రెబెక్క రెండు కాపీలనూ పక్కపక్కన పెట్టింది. పదేళ్ల కిందటి పీహెచ్‌డీ పేజీలో, వికారాబాద్ కాపీలో ఒక్క పేరు ఎక్కువ ఉంది. ప్రణయ్. అదే పేరుగలవాడు ఆ సాయంత్రమే ల్యాబ్ ఇంటర్వ్యూ హాల్లో దొరికాడు.

“శభాష్,” అన్నాడు మల్లికార్జున్ ఫోన్లో. “రిపోర్టులో నీ పేరు రాదు. బ్యూరో పేరు కూడా.”

“లాగ్‌లో రెబెక్క పేరు ఉంది సార్.”

“ఉంటుంది. ఏం చేస్తాం? వేరే ఊళ్లో మంచి ఉద్యోగం ఇప్పిద్దాం.”

“ఆమె ఏ తప్పూ చెయ్యలేదు.”

“నువ్వు నోరు విప్పితే నీ ఫీల్డ్ కెరీర్ అయిపోయినట్టే.”

అయినా విప్పాడు. ముందు యూనివర్సిటీ వేసిన ఎంక్వైరీ కమిటీ ఎదుట చెప్పి ఆమెను తిరిగి డ్యూటీలో చేర్పించాడు. తర్వాత ఆర్కైవ్ గదికి వెళ్లి, కీబోర్డు సంగతి, పాస్‌వర్డ్ సంగతి రాసి, అసలు పేరుతో సంతకం పెట్టి ఫోటో అంటించిన కాగితాన్ని ఆమె ముందుంచాడు. ఆ లాగ్ పక్కనే శాశ్వతంగా ఉంచమన్నాడు.

రెబెక్క రెండుసార్లు చదివింది.

“ఇది అందరికీ కనవడుతది. ఒక్కసారి ఎక్కినంక నేను గూడ తియ్యలేను.”

“అందుకే తెచ్చాను.”

ఆమె స్కాన్ చేసి, సేవ్ నొక్కింది. భోజనాల వేళే అయినా డబ్బా తియ్యలేదు.

“పోయి రండి, చంద్రకాంత్ గారూ,” అంది.

అతను మెట్లు దిగాడు. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదని తెలుసు.

వారం తిరక్కుండా మల్లికార్జున్ నుంచి ఫోన్.

“ఇంటర్నెట్‌లో నీ పేరు కొడితే మొదట వచ్చేది నువ్వేనయ్యా. ఫోటోతో సహా. నిన్ను ట్రైనింగ్ సెక్షన్‌కు మార్చాను.”

“అక్కడ ఏం నేర్పాలి సార్?”

“మారువేషాలు.”