నల్లతెర మీద చాయ్ లెక్క

చిల్కనగర్‌లో నీళ్ల ట్యాంకర్ దగ్గర లక్ష్మీనర్సమ్మ చెప్పిన మాట ఇది. ఆమె కూడా కళ్లారా చూసింది కాదు, ఆమె చిన్నల్లుడు చూశాడట. నాచారం చౌరస్తాలో, బేకరీ ముందర, మెరూన్ రంగు స్కూటీ. నడిపేది ఎర్రగా బుర్రగా ఉన్న ఒక ఆడమనిషి, నల్ల కళ్లద్దాలు. వెనక సీటు మీద పద్మశ్రీ మొగుడు జీవన్.

"స్కూటీకి ఎన్క పట్టుకునే కడ్డీ ఉంటదటనే పద్దూ. నీ మొగడు గది పట్టుకోలేదంట," అని చెప్పి లక్ష్మీనర్సమ్మ బిందె చంకనెత్తుకొని పోయింది.

పద్మశ్రీ ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. కానీ ఆ పూట పప్పులో ఉప్పు పడలేదు. మరుసటి పూట రెండుసార్లు పడింది. జీవన్ రెండు పూటలా నోరు మూసుకొని తిన్నాడు. చెప్పుకోవడానికి అతని దగ్గర మంచి జవాబే ఉంది, కానీ చెప్పకూడదు. ఆ స్కూటీ ఎక్కమన్నది సర్కారు.

జీవన్ సీక్రెట్ ఏజెంట్. పెళ్లామే కాదు, జీతం ఇచ్చే ట్రెజరీ కూడా అతన్ని గుమాస్తా అనే అనుకుంటుంది.

ఈ పని అతనికి అప్పగించింది ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, మెట్రో పిల్లర్ కింద, పుచ్చకాయల బండి ముందు. లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి కాయలు కోస్తున్న పెద్దమనిషి చిదంబరం. సెక్షన్ చీఫ్. కోడ్ నేమ్: బాబాయ్.

"కాయ ఎర్రగుంటదా?" జీవన్ అడిగాడు. అది కోడ్ వర్డ్.

"కోస్తే తెలుస్తుంది," చిదంబరం జవాబిచ్చాడు. అది తిరుగు కోడ్. ముక్క చేతికిస్తూ గొంతు తగ్గించాడు. "నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. శతతార వాల్వ్స్. మన రాకెట్ల కోసం ఒక స్పెషల్ వాల్వు చేస్తారు. అరచేతిలో పట్టేస్తుంది. దాని శాంపిల్ కోసం ఫారిన్ గ్యాంగ్ ఒకటి నగరంలో దిగింది. ఇయర్ ఎండింగ్ హడావుడిలో ఒక వాల్వు బయటికి పోతుందని టిప్."

"లోపల మనవాళ్లున్నరా సార్?"

"ఉదయశ్రీ. అకౌంట్స్ ఆఫీసర్. కోడ్ నేమ్ మైనా. గ్యాంగ్‌కు పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకు పనిచేస్తోంది. నువ్వు ఆమె కింద అకౌంట్స్ క్లర్క్. ఆమె చెప్పింది విను, ఆమె స్కూటీ ఎక్కమంటే ఎక్కు."

"నమ్మొచ్చా సార్? మీరు చూసిన్రా ఆమెను?"

"ఛ, నేనెక్కడ చూశాను!" చిదంబరం కత్తి తుడుచుకున్నాడు. "అంతా ఫోన్లోనే."

వచ్చేటప్పుడు ఒక పెన్ను ఇచ్చాడు. క్యాప్ మీద నొక్కితే చిదంబరం జేబులో ఫోను మోగుతుంది. రాయడానికి మాత్రం అది పనికిరాదు.

* * *

ఉదయశ్రీది విజయవాడ వైపు. గదిలోకి అడుగుపెడితే ఫ్యాను గాలికి కూడా సెంటు వాసన అంటుకునేది. ఆమె కంప్యూటర్ చూసి జీవన్ బిత్తరపోయాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లతెర, దాని మీద తెల్లక్షరాలు.

"మౌస్ కోసం వెతక్కండి జీవన్ గారూ. లేదు," నవ్విందామె. "ఇది కమాండ్ లైన్ లెడ్జర్. ఒట్టి టెక్స్ట్ ఫైల్లో ఎంట్రీ రాస్తాం. కమాండ్ కొట్టి బ్యాలెన్స్ అడుగుతాం. అంతే."

"అందరు వాడే ప్యాకేజీ ఉండె గద మేడం?"

"ఉంది. కానీ నాకిది ఇష్టం. ఎక్కణ్ణుంచి పోయిందో ఒక లైను, ఎక్కడికి చేరిందో ఒక లైను. రెండూ కలిపి సున్నా అవ్వాలి. అవ్వకపోతే ఇది ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. ఇంకో సుఖం ఏంటంటే, దీనికి రూపాయలే అక్కర్లేదు. వాల్వులు, ఇత్తడి కిలోలు, చాయ్ కప్పులు, దేన్నిచ్చినా లెక్కపెడుతుంది."

"చాయ్ గూడనా?"

"ఇయర్ ఎండింగ్‌కి చాయ్‌పొడి కూడా తేలాలి కదండీ," అని కెటిల్ స్విచ్ వేసింది. అతనికో కప్పు పోసి, అక్కడే నిలబడి కీబోర్డు మీద టకటక కొట్టింది. చాయ్ స్టాకులోంచి ఒక కప్పు పోయింది, జీవన్ పేరు కింద ఒక కప్పు చేరింది. మొత్తం సున్నా.

ఆ చాయ్‌లో అల్లం లేదు. మర్నాడు క్వాలిటీ ఇంజినీర్ వంశీకృష్ణ వచ్చినప్పుడు మాత్రం అల్లం దంచిన చప్పుడు జీవన్‌కు స్పష్టంగా వినిపించింది.

వంశీకృష్ణ తెల్లచొక్కా నలగదు. అతని బైకు మీద దుమ్ము నిలవదు. రోజూ ఏదో ఒక కాగితం పట్టుకొని వస్తాడు. వచ్చినవాడు కుర్చీ లాక్కొని కూర్చుంటాడు. "ఉదయశ్రీ గారూ, మీ చేతి చాయ్ తాగితే గానీ మా మెషీన్లు తిరగవండీ," అంటాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు జీవన్‌కు వడ్డించిన నవ్వు కాదు, వేరే రకం. కట్టుకున్న పెళ్లాం ఇంట్లో ఉండగా నీకెందుకురా ఈ మంట అని జీవన్ తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాక కూడా మంట అట్లాగే ఉంది.

ఒకరోజు ఆమె బ్యాంకుకు వెళ్లింది. జీవన్ చూడాల్సింది వాల్వుల స్టాకు. కానీ వేళ్లు వాటంతటవే ఇంకో కమాండ్ కొట్టాయి: బ్యాలెన్స్, చాయ్.

నల్లతెర మీద మూడు లైన్లు.

92 కప్పు — చాయ్:బాబాయ్
64 కప్పు — చాయ్:వంశీకృష్ణ
11 కప్పు — చాయ్:జీవన్

జీవన్ తెరకు ముక్కు ఆనించి మళ్లీ చదివాడు. వంశీకృష్ణవి అన్ని కప్పులు. తనవి ఇన్నే. సరే, ఆ పైన ఉన్న బాబాయ్ ఎవరు? ప్రపంచంలో బాబాయ్ అనే కోడ్ నేమ్ ఉన్నవాడు అతనికి తెలిసి ఒక్కడే. ఫోన్లోనే మాట్లాడతానన్నాడు. ఫోన్లో చాయ్ ఎట్లా తాగాడు?

పైవాణ్ణి అడగలేడు. అడిగితే బదిలీ. ఆ కోపమంతా తిరిగి తిరిగి వంశీకృష్ణ నెత్తిన వాలింది.

సాయంత్రం పుచ్చకాయల బండి దగ్గర రిపోర్టు ఇచ్చాడు. "మనిషి దొరికిండు సార్. వంశీకృష్ణ. స్ట్రాంగ్‌రూమ్ తాళం గాయన దగ్గర్నే ఉంటది."

"తాళం ఉంటే దొంగా? ఆధారం చెప్పు."

"ఊకె అకౌంట్స్ రూముకొస్తడు. మేడంతోటి నవ్వుతడు. చాయ్ తాగుతడు."

చిదంబరం చేతిలో కత్తి ఆగిపోయింది. "రోజూనా?"

"రోజూ. అల్లం ఏసి ఇస్తది."

"అల్లమా?" చిదంబరం కాయను ఒక్క వేటుకు రెండు చేశాడు. "అయితే వాడే."

* * *

ఆ ఏడాది మార్చి ముప్పై ఒకటి, ఉగాది ఒకటే రోజు పడ్డాయి. రాష్ట్రం రెండు కాబోతోందని ఊరంతా ఆస్తులు, అప్పులు పంచుకునే మాటలు. నాచారంలో శతతార వాల్వ్స్ మాత్రం తన లెక్క తాను ముగించుకోవాలి. ఆడిటర్లు మర్నాడే వస్తారు.

"పండుగ పూట ఆఫీసేంది?" పద్మశ్రీ పోలెలకు పూర్ణం కలుపుతూ అడిగింది.

"క్లోజింగ్ ఉన్నది."

"నల్లద్దాలామె గూడ వస్తదా క్లోజింగ్‌కు?"

జీవన్ చెప్పులో కాలు పెట్టబోయి పక్కన పెట్టాడు. "అకౌంట్స్ ఆఫీసర్ రాకుంటె క్లోజింగ్ ఎట్లయితది పద్దూ?"

"పో, పో. పొద్దుగాల టీవీల పంతులు నీ రాశికి అవమానం మస్తుగున్నదని చెప్పిండు తియ్."

స్ట్రాంగ్‌రూమ్ తెరిచారు. వంశీకృష్ణ వాల్వులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఉదయశ్రీ నల్లతెర మీద స్టాకు బ్యాలెన్స్ అడిగింది. అల్మారాలో ఎన్నో, తెర మీద అన్నే. ఒక్కటి కూడా తగ్గలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. జీవన్ మాత్రం అనుకోలేదు. లెక్క సరిపోయింది కాబట్టి వాల్వు మాయమయ్యేది ఇక ఇప్పుడే. తాళం వేస్తున్నది వంశీకృష్ణ. అతని భుజాన ఉబ్బిన బ్యాగు.

జీవన్ గేటు దగ్గరికి పరుగెత్తి సెక్యూరిటీ హన్మయ్య చెవిలో ఊదాడు. "మామా, వంశీ సార్ బ్యాగు అడుగు దాంక చెక్ జెయ్."

"పెద్ద సార్‌ది నేనెట్ల చెక్ జేస్త బిడ్డా?"

"నా మీదేసుకుంట. చెయ్."

వంశీకృష్ణ రాగానే హన్మయ్య బ్యాగు బల్ల మీద బోర్లించాడు. గార్డులంతా మూగారు. సరిగ్గా అప్పుడే స్కూటీ హారన్ వినిపించింది. ఉదయశ్రీ. నల్ల కళ్లద్దాలు. కాళ్ల దగ్గర స్టీలు టిఫిన్ క్యారియర్. "హన్మయ్య గారూ, పండగ శుభాకాంక్షలండీ!" అంది. హన్మయ్య అటు చూడకుండానే ఒక చేత్తో గేటు కడ్డీ ఎత్తాడు.

బల్ల మీద బ్యాగులోంచి వేపపువ్వు రాలింది. నాలుగు పచ్చి మామిడికాయలు దొర్లాయి.

"మా ఆవిడ తెమ్మందయ్యా!" వంశీకృష్ణ ముఖం జేవురించింది. "పచ్చడికి! మన కాంపౌండు చెట్టువే! దీనికి ఇంత రాద్ధాంతమా జీవన్?"

జీవన్ వెనక్కి నడిచాడు. అకౌంట్స్ గదిలో ఎవరూ లేరు. కెటిల్ ఇంకా వెచ్చగా ఉంది. నల్లతెర వెలుగుతూ ఉంది. పరువు పోయింది, మిషన్ పోయింది, సరే. పెళ్లాం ఉన్న ఆ వంశీకృష్ణకు ఏడాది మొత్తం మీద ఎన్ని కప్పులు పోసింది? కడుపు మండి కుర్చీలో కూలబడి మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. బ్యాలెన్స్, చాయ్.

బాబాయ్ కప్పులు సెంచరీ దాటాయి. వంశీకృష్ణవీ పెరిగాయి. కిందికి తన పేరు దగ్గరికి వచ్చేసరికి, ఒక లైను ఉండాల్సిన చోట రెండున్నాయి.

14 కప్పు
1 వాల్వు — చాయ్:జీవన్

జీవన్ తెర మీద ఆ లైనుకు వేలు ఆనించాడు.

వాల్వు చాయ్ తాగదు. తను వాల్వు తాగలేదు. ఆమె చెప్పిన పాఠమే చెవిలో మోగింది: పోయింది ఎక్కడికో చేరాలి, లేకపోతే ఇది ఒప్పుకోదు. వంశీకృష్ణ అల్లం చాయ్‌లో మునిగి ఉన్నప్పుడు తాళం కాజేసి, లెక్కకు ముందే అల్మారాలోంచి ఒకటి తీసేసింది. తెర మీద స్టాకులోనూ ఒకటి తగ్గించింది. అందుకే రెండూ సరిపోయాయి. తగ్గించినదాన్ని ఎక్కడో ఒక పద్దులో చూపించాలి. తుక్కులో చూపిస్తే ఆడిటర్ అడుగుతాడు, శాంపిళ్లలో చూపిస్తే కంపెనీ అడుగుతుంది. చాయ్ పద్దు ఎవడు తెరుస్తాడు? రేపెప్పుడో తెరిచినా దొంగ పేరు అక్కడే రాసి ఉంటుంది: జీవన్.

మైనా మనకు పనిచేస్తున్నట్టు నటిస్తూ గ్యాంగ్‌కు పనిచేస్తోంది. ఆమె బయటికి పోవడానికి గేటు తెరిపించింది మాత్రం తనే.

పెన్ను క్యాప్ నొక్కాడు. నొక్కుతూనే పరుగెత్తాడు.

* * *

గేటు దాటాక మలుపు దగ్గర నల్ల అద్దాల తెల్లకారు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. దానికి పదడుగుల ఇవతల మెరూన్ స్కూటీ. స్కూటీకి అడ్డంగా, ఒక చేతిలో పోలెల డబ్బా, ఇంకో చేతిలో స్కూటీ తాళం పట్టుకొని పద్మశ్రీ.

చిల్కనగర్ నుంచి ఆటోలో వచ్చి దిగిందో లేదో, ఎదురుగా నల్లద్దాలు కనిపించాయి. ఇంకేం ఆలోచించలేదు.

"తాళం ఇవ్వండి! ఎవరండీ మీరు?" ఉదయశ్రీ స్కూటీ మీంచే చెయ్యి చాచింది.

"నేనెవలో నీకెర్కలేదా? పండుగ పూట నా మొగనికి నేను పోలెలు తెస్తె, నువ్వు గిన్నెలు గిన్నెలు వండి తెచ్చినవా? ఏమేసినవ్ గిండ్ల?" పద్మశ్రీ టిఫిన్ క్యారియర్ లాగేసుకుంది.

కారు తలుపు తెరుచుకుంది. సూటు వేసుకున్న ఒక ఫారినర్ దిగి చెయ్యి చాచాడు. "మేడం, ప్లీజ్. ఆ లంచ్ నాది."

"నీకు గూడ వండి పెడ్తదా?" పద్మశ్రీ ఉదయశ్రీ వైపు ఉరిమి చూసింది. "ఎంతమందికే?"

పై గిన్నె తెరిచింది. పులిహోర. "నిమ్మకాయ పిండింది. చింతపండు గూడ లేదు," అని పక్కకు పెట్టింది. రెండోది తెరిచింది. మెత్తటి గుడ్డలో చుట్టి, అరచేతిలో పట్టేంత, మిలమిలలాడే లోహం.

"ఇదేంది? నా మొగడు ఇనుము తింటడా?"

ఫారినర్ దాని మీదికి దూకాడు. అతని వేళ్లు గిన్నె అంచును తాకాయి. ఆ క్షణానే క్లోజింగ్ అని పొద్దుటి నుంచి ఎదురు గల్లీలో కాపు కాసిన పుచ్చకాయల బండి ఒకటి దడదడలాడుతూ వచ్చి అతని నడుముకు తగిలింది. కాయలు రోడ్డంతా దొర్లాయి. కారు వెనక్కి పోబోయి కాయల మీద ఎక్కి ఆగింది. లుంగీ ఎగ్గట్టిన చిదంబరం ఫారినర్ మీద కూర్చున్నాడు. జీవన్ రొప్పుతూ వచ్చి ఉదయశ్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు," అంది పద్మశ్రీ. "నేను పట్టుకుంట."

* * *

చీకటి పడకముందే జీపులు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాయి. వాల్వు అల్మారాకు చేరింది. జీవన్ నల్లతెర మీద తిరుగు ఎంట్రీ రాశాడు. చాయ్ పద్దులోంచి వాల్వు పోయింది, స్టాకులోకి చేరింది. మొత్తం సున్నా.

చిదంబరం లుంగీ మీదే కుర్చీలో కూర్చొని రిపోర్టు రాసుకుంటున్నాడు. మొగుడు గూఢచారి అని ఆయన నెమ్మదిగా, జాగ్రత్తగా చెప్పినప్పుడు పద్మశ్రీ ఊఁ అని ఊరుకుంది. ఇంటికి పంపిస్తానంటే కదల్లేదు. పోలెల డబ్బా ఒళ్లో పెట్టుకొని నల్లతెర మీది చాయ్ లెక్కనే ఒక్కో పేరు కూడబలుక్కుంటూ చదువుతోంది.

"బ్రిలియంట్ వర్క్ జీవన్," చిదంబరం తలెత్తాడు. "పైవాళ్లు ఒక్కటే అడుగుతారు. వాల్వు దాచిన చోటు ఆడిటర్లు కూడా తెరవని పద్దు. సరిగ్గా దాన్నే నువ్వెందుకు తెరిచావు?"

జీవన్ పద్మశ్రీ వైపు చూడకుండా చెప్పాడు. "రొటీన్ వెరిఫికేషన్ సార్."

"గుడ్. రొటీన్ వెరిఫికేషన్," చిదంబరం రాసుకోబోయాడు.

"రొటీన్ గాదు సార్," అంది పద్మశ్రీ, తెర మీదినుంచి కళ్లు తిప్పకుండానే. "ఆ పొల్ల ఎవలకెన్ని కప్పులు పోసిందో సూసుకునేటందుకు తెరిచిండు. అందరికంటె ఎక్కువ ఈ బాబాయ్ అనేటాయనకు పోసింది. గాయనెవలో గూడ రాయున్రి."